అతుకు కనిపించే కుండీలో చింత బోన్సాయ్‌ని ప్రదర్శనకు పెట్టొచ్చా?

మేడతోట (హైదరాబాద్)

నమస్తే అందరికీ. మా మేడ మీద 19 ఏళ్ల చింత ఉంది, గింజ వేసి పెంచుకున్నదే. ఆరేళ్లుగా అది ఉంటున్న కుండీ మా బాబాయి 2009లో జపాన్ నుంచి వస్తూ విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. అక్కడి టొకొనామె అనే ఊళ్లో చేసిన ముదురు గోధుమరంగు కుండీ, పైన మెరుపు పూత లేనిది, కోలగా 38 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. బాబాయి ఇప్పుడు లేరు.

మొన్న ఏప్రిల్ గాలివానకి స్టాండ్ మీంచి జారి పడింది. చెట్టుకి పెద్దగా ఏమీ కాలేదు, రెండు సన్న కొమ్మలు విరిగాయి అంతే, వేర్లని తడిగుడ్డలో చుట్టి గంటలోపే ప్లాస్టిక్ ట్రేలోకి మార్చేశాను. కుండీ మాత్రం నాలుగు ముక్కలైంది. అంచు దగ్గర గోరంత పెచ్చు ఒకటి ఎంత వెతికినా దొరకలేదు.

జపాన్‌లో పగిలిన గిన్నెల్ని బంగారు గీతతో అతికిస్తారు కదా, కిన్‌త్సుగి అంటారు, అలా బాగుచేసి ఈ చలికాలం మా క్లబ్ ప్రదర్శనలో చింతని మళ్లీ అదే కుండీలో పెట్టాలని నా కోరిక. క్లబ్బులో ఒక పెద్దాయనేమో "చెట్టు బాగుందమ్మా, కుండీ మార్చెయ్, లేకపోతే మార్కులు పోతాయి" అన్నారు. ఇంట్లో అత్తయ్య పగిలిన వస్తువు ఇంట్లో ఉంచకూడదంటున్నారు. ఆవిడ మాట కాదనడం నాకిష్టం లేదు, అలాగని ముక్కలు పారేయడానికి చేతులు రావడం లేదు, అట్టపెట్టెలో పెట్టి మంచం కింద దాచాను. ఏ జిగురు వాడాలి, గీత బంగారు రంగే ఉండాలా, అసలు ఇలా పెట్టడం సబబేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

మట్టిపని (రాజమహేంద్రవరం)

అక్కా, ముందు జిగురు సంగతి చెబుతాను, ఎందుకంటే నేను అక్కడే దెబ్బతిన్నాను. రెండేళ్ల క్రితం ఒక నీలం కుండీని రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీతో అతికించి, పైన బంగారు రంగు పొడి అద్ది, చాలా సంబరపడి మేడ మీద ఎండలో పెట్టాను. మే నెల రెండో వారానికి అతుకు మెత్తబడి ఒక పక్క ముక్క వెంట్రుకవాసి కిందకి దిగింది. గది వేడిలో గట్టిపడే మామూలు ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర పట్టు సడలుతాయి. మనకి గాలిలోనే 44 ఉన్న రోజున ముదురు రంగు కుండీ ఎండకి ఎంత కాలుతుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎండకి జిగురు పసుపు తిరగడం కూడా ఉంది. నేను వాడిన పొడి ఇత్తడిది, రోజూ నీళ్లు తగిలి నల్లబడిపోయింది.

ఇంకోటి, మీ కుండీకి పూత లేదు కాబట్టి లోపలి నుంచి చెమ్మ నెమ్మదిగా అతుకుల్లోకి దిగుతుంది. వేర్లు లావెక్కి గోడల్ని బయటికి తోస్తుంటాయి. కాబట్టి ఆ కుండీ ఏడాది పొడుగునా చెట్టుని మోస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి, రెండు మూడు రోజులు మోస్తే చాలు అనుకుని పని మొదలుపెట్టండి.

ముక్కల్ని రెండు రోజులు మంచినీళ్లలో నానబెట్టండి, మట్టిలో ఊరిన ఉప్పు వదులుతుంది, తర్వాత కనీసం వారం నీడలో ఆరనివ్వండి. జిగురు ముట్టుకోకముందే టేపుతో ఒకసారి మొత్తం కూర్చి చూసుకోండి, ముక్కల మీద పెన్సిల్‌తో నంబర్లు వేసుకోండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ రెండు ముక్కలు ముందే అతికించేస్తే మధ్య ముక్క లోపలికి దూరదు, అప్పుడు ఏడ్చినా ఏం లాభం లేదు. అతికించాక ఇసుక బేసిన్‌లో గుచ్చి నిలబెట్టండి, పై ముక్క తన బరువుతో తనే కూర్చుంటుంది. బయటికి ఉబికిన జిగురు పూర్తిగా గట్టిపడకముందు, రబ్బరులా ఉన్నప్పుడే బ్లేడుతో తీసేయాలి. లోపలి వైపు అతుకుల పొడవునా సన్నటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ పట్టీ ఎపాక్సీతోనే వేయండి, మట్టి కింద కనపడదు, బలం మాత్రం దానిదే. చెట్టుని కట్టే తీగ అతుకుకి అటూ ఇటూ లాగకుండా పగలని వైపు రంధ్రాల్లోంచే పోనివ్వండి.

సైతామా తెలుగు (జపాన్)

మేడతోట గారూ, మీ బాబాయి గారి కుండీ సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను ఒమియా బోన్సాయ్ పల్లెకి దగ్గర్లోనే ఉంటాను, 1923 భూకంపం తర్వాత టోక్యో నుంచి తోటమాలులు వచ్చి 1925లో కట్టుకున్న ఊరు అది. సెలవు దొరికితే అక్కడే తిరుగుతుంటాను.

మనం మరచిపోయే సంగతి ఒకటుంది. కిన్‌త్సుగి టీ గిన్నెల చుట్టూ పెరిగిన పని. టీ గిన్నె కాసేపు తడుస్తుంది, కడిగి తుడిచి గుడ్డలో చుట్టి పెట్టెలో పెడతారు. బోన్సాయ్ కుండీ రాత్రింబగళ్లు తడిగా, ఎండలో, వానలో ఉంటుంది. రెండిటినీ ఒకేలా చూస్తేనే చిక్కు. అసలు పద్ధతిలో వాడే ఉరుషి అనేది ఒక చెట్టు పాలు, మన ఏటికొప్పాక బొమ్మలకి వాడే లక్క లాంటిది కాదు, లక్క పురుగు నుంచి వచ్చేది. ఉరుషిని పిండితో కలిపి జిగురు చేస్తారు, మెత్తటి మట్టిపొడితో కలిపి గుంతలు పూడుస్తారు, పైన మళ్లీ ఉరుషి రాసి అది పూర్తిగా ఆరకముందే బంగారు పొడి చల్లుతారు. విచిత్రం ఏంటంటే అది పొడి గాలిలో సరిగ్గా ఆరదు, చెమ్మ ఉన్న పెట్టెలో పెడితేనే గట్టిపడుతుంది. అంతా అయ్యేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు. గట్టిపడ్డాక నీళ్లని బాగానే తట్టుకుంటుంది కానీ నేరుగా ఎండ తగిలితే పాడవుతుంది. ఇది మామిడి, జీడిమామిడి కుటుంబం చెట్టే, మామిడి సొన తగిలి చర్మం పొక్కేవాళ్లు దీని జోలికి పోకూడదు. నేర్చుకునే క్లాసులో గ్లౌజు చిరిగి నా మణికట్టు మీద వేసిన పొక్కులు మానడానికి రెండు వారాలు పైనే పట్టింది.

ఇక సబబా కాదా అన్నది. టోక్యో నేషనల్ మ్యూజియంలో బకోహాన్ అని ఒక గిన్నె ఉంది, చైనాలో సాంగ్ రాజుల నాటిది, లేత ఆకుపచ్చ. 15వ శతాబ్దంలో షోగన్ (జపాన్ సైనిక పాలకుడు) అషికాగా యోషిమాసా దగ్గర ఉండగా అది బీటలిచ్చిందట, అలాంటిదే ఇంకోటి కావాలని చైనాకి పంపితే, అంతటిది ఇప్పుడు దొరకదని లోహపు కొక్కేలతో కుట్టి అదే గిన్నె తిరిగి పంపారని కథ. కొక్కేలు మిడతల్లా కనిపిస్తాయని ఆ పేరు. గాజు పెట్టె దగ్గర నిలబడి చూస్తే మొదట కళ్లకి ఆనేది ఆ లేత రంగే, కొక్కేలు తర్వాత.

మీ కుండీకీ నేను అదే కొలత పెడతాను. బోన్సాయ్‌లో చెట్టే ముందు, కుండీ దాన్ని మోసేది. పూతలేని ముదురు కుండీ మీద నాలుగు బంగారు గీతలు గీస్తే చూసేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది, చింత చిన్న ఆకులు ఎవరికీ కనపడవు. గీతని మట్టి రంగు కంటే ఒక్క పిసరు ముదురుగా, నలుపు కలిసిన గోధుమరంగులో ఉంచి చూడండి. దగ్గరికొస్తే కనపడాలి, దాస్తున్నట్టు ఉండకూడదు. పోయిన పెచ్చు ఒక్కచోట బంగారం పెట్టుకోండి, నా మనసుకి అది నచ్చుతుంది.

సాగరతీరం (విశాఖ)

నేను కొంచెం గట్టిగా చెబుతాను, ఏమనుకోకండి. ఈమధ్య బాగున్న కుండీని సుత్తితో కొట్టి, బంగారు గీతలు పెట్టి, ఎక్కువ ధరకి అమ్మడం చూస్తున్నాను. అది చూస్తే నాకు కడుపు మండుతుంది. పగలనిదాన్ని పగలగొట్టి అతికితే అందులో ఏముంది? మీది అలాంటిది కాదు కాబట్టి తప్పకుండా పెట్టండి అనే నా మాట. కాకపోతే పగులు ఎలా పోయిందో అలాగే ఉంచండి, అందం కోసం ఒక్క గీత కూడా అదనంగా గీయొద్దు.

మార్కుల గురించి మీ క్లబ్ పెద్దాయన్ని కాక, ప్రదర్శన నడిపేవాళ్లని ముందే అడగండి. ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉంటుంది. పోటీలో వద్దంటే పోటీ లేని బల్ల మీద పెట్టమనండి.

అత్తయ్య గారి సంగతికి వస్తే, మా చిన్నప్పుడు మాట్లు వేసేవాళ్లు వీధిలోకి వచ్చేవారు. మా నానమ్మ ఇత్తడి బిందెకి అడుగున రెండు మాట్లు, పక్కన ఒకటి ఉండేవి, ఆ బిందెతోనే రోజూ మంచినీళ్లు తెచ్చేది. చిల్లుపడ్డ బిందె వేరు, మాటు వేసిన బిందె వేరు. ఆవిడకి ఇలా చెప్పి చూడండి, వాదించడానికి కాదు, ఆవిడ కూడా అలాంటి బిందె మోసే ఉంటారు.

మేడతోట (హైదరాబాద్)

మూడు నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

మట్టిపని గారూ, మీరు చెప్పినట్టే ముందు టేపుతో కూర్చి చూశాను. మంచిదయింది, నేను అనుకున్న వరసలో అతికించి ఉంటే మూడో ముక్క నిజంగానే దూరేది కాదు. వేడికి ఎక్కువ తట్టుకునే ఎపాక్సీ తెప్పించి అతికించాను, లోపల పట్టీలు వేశాను, బయటి గీతలోకి కాస్త నల్ల రంగు, పాత ఇటుక పొడి కలిపాను. పెచ్చు పోయినచోట పూడ్చి అసలు బంగారు రేకు అంటించాను, కంసాలి దగ్గర చిన్న ముక్క దొరికింది. మొత్తం కుండీ మీద మెరిసేది ఆ గోరంత చోటే.

చెట్టు పెట్టకుండా ఉత్త తడిమట్టి నింపి 40 రోజులు మేడ మీద ఉంచాను. మూడు అతుకులు గట్టిగానే ఉన్నాయి. నాలుగోది, కాలు దగ్గరిది, చెమ్మ ఊరుతోంది, పొద్దున్నే చూస్తే దాని పక్కన తెల్లగా ఉప్పు గీత. అందుకే చింత ట్రేలోనే పెరుగుతుంది, ప్రదర్శన ముందురోజు మట్టిగడ్డ చెదరకుండా, వేర్లు కోయకుండా ఎత్తి కుండీలో కూర్చోబెట్టి, మూడో రోజు మళ్లీ ట్రేలోకి. కొలత చూసుకుని ట్రేని కుండీ లోపలి వెడల్పుకే కోయించాను.

ప్రదర్శనవాళ్లు పోటీలో పెట్టుకోవచ్చు, కుండీకి మార్కులు ఎన్ని ఇవ్వాలన్నది జడ్జీల ఇష్టం అన్నారు. సరే అన్నాను.

సాగరతీరం గారూ, అత్తయ్యకి మీ నానమ్మ గారి బిందె గురించి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కుండీ చేతిలోకి తీసుకుని బంగారం అంటించినచోట బొటనవేలితో రుద్ది, "ఇది ఊడిపోదు కదా" అని అడిగారు. ఇంట్లోకి మాత్రం వద్దు, మేడ మీదే ఉంచు అన్నారు. మేడ మీదే ఉంటుంది.

ఒక్క సందేహం మిగిలింది. పైన నాచు ఎప్పుడు పరవాలి? ముందురోజే పరిస్తే కొత్తగా అతికించినట్టు కనపడుతుందేమో.

మట్టిపని (రాజమహేంద్రవరం)

ఇప్పుడే ట్రేలో పరిచేయండి అక్కా, పిట్టగోడ నీడలో పట్టిన సన్న నాచు గీకి, రోజుకి రెండుసార్లు నీళ్లు చిలకరిస్తే నెలలో పట్టేస్తుంది, గడ్డతో పాటే ఎత్తొచ్చు. అంచు నుంచి వేలెడు వెడల్పు మాత్రం వదిలేయండి, లేకపోతే నాచు పైకెక్కి ఆ బంగారం ముక్కని కప్పేస్తుంది.