షెడ్యూల్ కష్టంగా ఉంటే టీమ్ గొప్పదైనట్టేనా? (అమెరికన్ ఫుట్‌బాల్)

నాలుగో_డౌన్:
మా ఆఫీసులో వారం వారం ఎవరు గెలుస్తారో ముందే రాసిపెట్టే పూల్ ఒకటి నడుస్తుంది, నవంబర్ వచ్చిందంటే అందులో ఇదే గొడవ. 11-1 (11 గెలుపులు, 1 ఓటమి) ఉన్న టీమ్ పేరు ఎత్తితే "వాళ్లు ఎవరితో ఆడారు గనక" అంటారు, 9-3 టీమ్‌ని తీసిపారేస్తే "ఆ షెడ్యూల్ నీకిస్తే తెలిసేది" అంటారు. 2024 కాలేజీ సీజన్‌లో అలబామా 9-3, ఎస్‌ఎంయూ 11-2. ప్లేఆఫ్స్‌కి (టైటిల్ కోసం ఆడే చివరి నాకౌట్ గేములు) టీములని ఎంచే కమిటీ ఎస్‌ఎంయూని తీసుకుంది, వాళ్లేమో వెళ్లి పెన్ స్టేట్ చేతిలో 38-10తో ఓడారు, దాంతో షెడ్యూల్ బ్యాచ్ అంతా "చెప్పాం కదా" అని మీద పడ్డారు. నా ప్రశ్న సింపుల్: ఎస్‌ఓఎస్ (స్ట్రెంత్ ఆఫ్ షెడ్యూల్, అంటే ప్రత్యర్థులు ఎంత బలమైన వాళ్లో చెప్పే అంకె) చూసి టీమ్ అసలు సత్తా చెప్పగలమా? మీరు పూల్‌లోనో ఫ్యాంటసీలోనో వాడి చూసి ఉంటే, అది ఎక్కడ పనిచేసింది, ఎక్కడ ముంచింది చెప్పండి.

ఎండ్‌జోన్_రాజు:
చెప్పలేం. తర్వాతి ప్రశ్న.

శనివారం_సుబ్బు:
అలబామా 2024 భలే కేసు అన్నా. షెడ్యూల్ కష్టమే, కాదనను, జార్జియాని 41-34తో కొట్టారు కూడా. కానీ ఓడింది ఎవరి చేతిలో? వాండర్‌బిల్ట్ చేతిలో 40-35, ఓక్లహోమా చేతిలో 24-3. ఆ రెండు టీములూ రెగ్యులర్ సీజన్ ముగించింది 6-6తో. మూడో ఓటమి టెనెస్సీ చేతిలో, సరే, అది మంచి టీమే. అంటే మూడింట్లో రెండు ఓటములు షెడ్యూల్‌లో సులువుగా ఉన్న చోటే వచ్చాయి. కష్టమైన షెడ్యూల్ అనే గొడుగు కింద ఆ రెండు ఓటములూ దాచేస్తే ఎలా? ఎస్‌ఓఎస్ అనేది సీజన్ మొత్తానికి ఒకే సగటు అంకె, ఓడింది బలమైన వాళ్ల చేతిలోనా బలహీనుల చేతిలోనా అన్నది అందులో కనిపించదు. తర్వాత బౌల్ గేమ్‌లో (సీజన్ ముగిశాక ఆడే విడి గేము) మిషిగన్ చేతిలో 19-13తో కూడా ఓడారు, అది వేరే సంగతి.

బ్లిట్జ్_భాను:
కాలేజీ సంగతి మీరు చూసుకోండి, నేను ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) గురించి చెప్తా. మే నెలలో షెడ్యూల్ రాగానే "ఈ ఏడాది కష్టమైన షెడ్యూల్ ఎవరిది, సులువు ఎవరిది" అని పెద్ద పట్టికలు వస్తాయి చూడండి, అవి ఎక్కువగా పోయినేడాది గెలుపోటముల మీద వేసిన లెక్కలు. ఫ్యాంటసీలో వాటిని నమ్మి ఆటగాళ్లని తీసుకునేవాళ్లని చూస్తే జాలేస్తుంది. వాషింగ్టన్ కమాండర్స్ 2023లో 4-13. అంటే 2024లో వాళ్లతో ఆడాల్సిన ప్రతి టీమ్ పట్టికలోనూ అది సులువైన గేమే. క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసిరి దాడి నడిపే ఆటగాడు) జేడెన్ డేనియల్స్ వచ్చాడు, 12-5 అయ్యారు, లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు ముందున్న ఎన్‌ఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్ గేమ్ దాకా వెళ్లారు. దానికి ముందు టెక్సన్స్ కూడా అంతే, 2022లో 3-13-1 (చివరిది టై), సీజే స్ట్రౌడ్ వచ్చాక 10-7. ఒక్క క్వార్టర్‌బ్యాక్‌తో ప్రత్యర్థుల షెడ్యూలంతా తారుమారు అయిపోయే లీగ్ ఇది.

ఇంకో మాట. "పోయినేడాది డివిజన్ (నాలుగు టీముల గుంపు) గెలిచారు కాబట్టి ఈ ఏడాది షెడ్యూల్ టఫ్" అంటుంటారు. 17 గేముల్లో 6 సొంత డివిజన్‌తో, 4 అదే కాన్ఫరెన్స్‌లోని (లీగ్‌లో సగం) ఇంకో డివిజన్‌తో, 4 అవతలి కాన్ఫరెన్స్‌లో ఒక డివిజన్‌తో, ఇవన్నీ వంతుల ప్రకారం వచ్చేవే. పోయినేడాది ఎన్నో స్థానంలో నిలిచారు అన్నదాన్ని బట్టి మారేవి మిగిలిన 3 గేములే. ఆ మూడింటికే ఇంత హడావిడి.

నాలుగో_డౌన్:
భాను గారూ, అయితే సీజన్ ముందు లెక్క వదిలేద్దాం. డిసెంబర్‌లో, ఆట జరిగిపోయాక వేసే ఎస్‌ఓఎస్ అయినా పనికొస్తుందా?

లెక్కల_లక్ష్మి:
పనికొస్తుంది కానీ అందులో ఒక మెలిక ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మీరు గెలిచే కొద్దీ మీ ఎస్‌ఓఎస్ తగ్గుతుంది. ఎందుకంటే మీ గెలుపే మీ ప్రత్యర్థికి ఓటమి.

వేసి చూపిస్తా. లెక్క సులువు కోసం 17 గేములూ 17 వేరువేరు టీములతో ఆడినట్టు అనుకుందాం. మీతో ఆడినవి పక్కన పెడితే వాళ్లందరూ సరిగ్గా సగటు టీములు, మొత్తం 272 గేముల్లో 136 గెలుపులు, 136 ఓటములు. ఇప్పుడు మీరు 14-3 అయితే, మీ ప్రత్యర్థుల ఖాతాలోకి మీ వల్ల 3 గెలుపులు, 14 ఓటములు చేరతాయి. మొత్తం 139-150, అంటే 0.481. అదే టీములతో మీరు ఆడి 3-14 అయితే? 150-139, అంటే 0.519. షెడ్యూల్ ఒక్కటే, ప్రత్యర్థులు వాళ్లే, అయినా బాగా ఆడినందుకు "సులువైన షెడ్యూల్" ముద్ర, ఓడినందుకు "పాపం కష్టమైన షెడ్యూల్" సానుభూతి. పైగా నిజంగా డివిజన్ వాళ్లతో రెండేసి సార్లు ఆడతారు కాబట్టి ఈ తేడా ఇంకాస్త పెరుగుతుంది. టీవీలో 0.480కి, 0.520కి మధ్య తేడా చూపించి అరగంట మాట్లాడేస్తారు, అందులో ఎంత భాగం ఇలా మన ఫలితాల వల్ల వచ్చిందో ఎవరూ విడదీయరు. మీ పూల్‌లో వాడాలంటే మీతో ఆడిన గేములు తీసేసి ప్రత్యర్థుల రికార్డు లెక్కేయండి, పది నిమిషాల పని.

ఎండ్‌జోన్_రాజు:
లక్ష్మి గారూ దండం. ఇది మా వాట్సాప్ గ్రూప్‌లో వేస్తున్నా, రాత్రికి యుద్ధమే.

పాత_హెల్మెట్:
నేను పాత రోజుల నుంచి కాలేజీ ఆట చూస్తున్నాను కాబట్టి చెప్తున్నా, ఈ పోరు కొత్తది కాదు. బీసీఎస్ (ప్లేఆఫ్‌కి ముందు జాతీయ ఫైనల్ టీములని ఎంచిన పద్ధతి) 1998లో మొదలైనప్పుడు దాని ఫార్ములాలో షెడ్యూల్ బలానికి విడిగా ఒక వాటా ఉండేది. 2004కి దాన్ని విడిగా లెక్కేయడం ఆపేశారు.

నా మటుకు నాకు ఈ విషయంలో ఎప్పటికీ గుర్తుండేది 2017 యూసీఎఫ్ (సెంట్రల్ ఫ్లోరిడా). 13-0 చేశారు, అంటే బౌల్ గేమ్ కలిపి ఒక్కటి కూడా ఓడలేదు. కానీ వాళ్లది చిన్న కాన్ఫరెన్స్ (కలిసి ఆడే కాలేజీల గుంపు) కాబట్టి బౌల్ గేముల ముందు కమిటీ ఇచ్చింది 12వ ర్యాంకు. షెడ్యూల్ బలహీనం అన్నారు. సరే, పీచ్ బౌల్‌లో ఆబర్న్‌తో పెట్టారు. ఆ ఆబర్న్ అదే సీజన్ నవంబర్‌లో జార్జియాని 40-17తో, అలబామాని 26-14తో ఓడించింది. ఆ ఇద్దరే చివరికి జాతీయ ఫైనల్ ఆడారు. అలాంటి ఆబర్న్‌ని యూసీఎఫ్ 34-27తో కొట్టింది. మరి షెడ్యూల్ బలహీనం అన్నది అబద్ధమా? కాదు, నిజమే. కానీ షెడ్యూల్ బలహీనమైతే టీమ్ ఎంత మంచిదో మనకి తెలియదు అనాలి, టీమ్ బలహీనం అనకూడదు. ఈ రెండింటినీ కలిపేయడంలోనే మొత్తం తప్పంతా ఉంది. తెలియకపోవడాన్ని మైనస్ మార్కు కింద వేస్తున్నారు.

శనివారం_సుబ్బు:
పెద్దాయనా, దానికి ఎదురు కేసు కూడా ఉంది కదా, 2023 ఫ్లోరిడా స్టేట్. 13-0, ఏసీసీ కాన్ఫరెన్స్ ఛాంపియన్లు, సీజన్ మొదట్లో ఎల్‌ఎస్‌యూని 45-24తో కొట్టారు, అయినా నాలుగు టీముల ప్లేఆఫ్‌కి తీసుకోలేదు, 12-1 అలబామాని తీసుకున్నారు. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో జార్జియా చేతిలో 63-3.

పాత_హెల్మెట్:
ఆ 63-3ని సాక్ష్యం కింద తేకండి సుబ్బు గారూ. క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ నవంబర్‌లోనే కాలు దెబ్బతిని సీజన్‌కి దూరమయ్యాడు, ప్లేఆఫ్ చేజారాక ముఖ్యమైన ఆటగాళ్లు చాలామంది ఆ బౌల్ ఆడనే లేదు. ఆ రోజు మైదానంలో ఉన్నది 13-0 చేసిన టీమ్ కాదు. కమిటీ కూడా వాళ్లని పక్కన పెట్టింది ట్రావిస్ లేడనే, షెడ్యూల్ గొడవ దానికి తోడైంది అంతే.

స్నాప్_శ్రీను:
నాకు ఎస్‌ఓఎస్ మీద పెద్ద నమ్మకం లేదు, పాయింట్ల తేడా చూస్తే చాలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2022 వైకింగ్స్ 13-4. వేసిన పాయింట్లు 424, ఇచ్చినవి 427! ఎనిమిది పాయింట్ల లోపు తేడాతో ముగిసిన గేముల్లో 11-0. ఇంత దగ్గరి గేములన్నీ గెలవడం ఏ టీమ్‌కీ ఏటా జరగదు. ప్లేఆఫ్స్ మొదటి గేములోనే జెయింట్స్ చేతిలో 31-24, ఇంటికి. ఇందులో షెడ్యూల్ ఊసే అక్కర్లేదు.

లెక్కల_లక్ష్మి:
శ్రీను గారూ, వైకింగ్స్ విషయంలో ఒప్పుకుంటా. కానీ పాయింట్ల తేడా ఎవరి మీద వచ్చింది అన్నది వదిలేస్తే అది కూడా సగం మాటే. రెండూ కలిపి చూసే లెక్క ఉంది, ఎస్‌ఆర్‌ఎస్ అంటారు. సగటున ఎన్ని పాయింట్లతో గెలిచారు, దానికి ప్రత్యర్థుల సగటు రేటింగ్ కలపడం, అంతే. ఒక టీమ్ గేముకి సగటున 10 పాయింట్లతో గెలుస్తోంది, ప్రత్యర్థుల సగటు -4 అనుకోండి, రేటింగ్ 6. ఇంకొకరు 6 పాయింట్లతోనే గెలుస్తున్నారు, ప్రత్యర్థులు +3, వాళ్లది 9. రెండో వాళ్లే మెరుగు. ఇక్కడ షెడ్యూల్ చేస్తున్న పని చూడండి, తీర్పు చెప్పడం లేదు, ముందున్న అంకెని సరిచేస్తోంది. ఎస్‌ఓఎస్‌ని ఒక్కదాన్నే తీసుకుంటే అది ఎదుటి వాళ్ల గురించి చెప్తుంది గానీ మన టీమ్ గురించి ఒక్క ముక్క చెప్పదు. ఒక్క గెలుపూ లేని టీమ్‌కి కూడా దేశంలోకెల్లా కష్టమైన షెడ్యూల్ ఉండొచ్చు.

దీనికీ లొసుగు ఉంది. బలహీన టీమ్‌తో ఆడుతూ మూడో క్వార్టర్‌కే 35 పాయింట్లు ఆధిక్యం వస్తే స్టార్టర్లని బెంచి మీద కూర్చోబెడతారు, తర్వాత అవతలి వాళ్లు రెండు టచ్‌డౌన్లు వేసుకుంటారు, స్కోరు మర్యాదగా కనిపిస్తుంది. అందుకే మంచి మోడళ్లలో ఆ చెత్త సమయాన్ని తీసేసి ప్లే ప్లేకీ లెక్కేస్తారు.

ట్యాకిల్_తులసి:
నేను స్కూలు స్థాయిలో కోచింగ్‌కి సాయం చేస్తుంటాను, అంకెల్లో రానిది ఒకటి చెప్తా. ఎవరితో ఆడారు అన్నదానికన్నా ఎప్పుడు ఆడారు అన్నది నాకు ముఖ్యం. వరసగా మూడు వారాలు పెద్ద లైన్లు (ముందు వరుస ఆటగాళ్లు) ఉన్న టీములతో కుమ్ములాడి వచ్చాక నాలుగో వారం మామూలు టీమ్ కూడా కొండలా కనిపిస్తుంది, పిల్లల కాళ్లు లేవవు. అవతలి టీమ్ బై వీక్ (గేము లేని వారం) తీసుకుని తాజాగా వస్తే ఇంకా ఘోరం. అలాగే వాళ్ల మొదటి క్వార్టర్‌బ్యాక్ ఉన్నప్పుడు ఆడామా, బ్యాకప్ ఉన్నప్పుడా? సీజన్ చివర్లో షెడ్యూల్ బలం లెక్కేసే వాడికి రెండూ ఒకే గేము. బ్యాకప్‌ని ఓడించినా పట్టికలో మాత్రం పది గెలుపుల టీమ్‌ని ఓడించినట్టే ఉంటుంది.

కష్టమైన షెడ్యూల్ టీమ్‌ని రాటుదేలుస్తుంది అని కోచ్‌లు మైకు ముందు చెప్తారు గానీ, రెండో వరుస ఆటగాళ్లు లేని టీమ్‌ని అది విరిచేస్తుంది. నేను రెండూ చూశాను.

బ్లిట్జ్_భాను:
షెడ్యూల్ మాట నిజమైన కేసు కూడా ఒకటుంది, 2020 స్టీలర్స్. 11-0తో మొదలెట్టారు, అప్పుడే చాలామంది ఎవరితో ఆడారో చూడండి అన్నారు, ఫ్యాన్స్‌కి కోపం వచ్చింది. 12-4తో ముగించి ప్లేఆఫ్స్‌లో బ్రౌన్స్ చేతిలో 48-37. షెడ్యూల్ బ్యాచ్‌కి ఇది ఇచ్చేయాలి.

అలాగని 1972 డాల్ఫిన్స్‌ని ఏం చేస్తారు? రెగ్యులర్ సీజన్ 14 గేముల్లో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్న టీములు రెండే ఎదురయ్యాయి, చీఫ్స్, జెయింట్స్, రెండూ 8-6. సూపర్ బౌల్‌తో కలిపి 17-0. సులువైన షెడ్యూల్‌తో వచ్చి కప్పు పట్టుకెళ్లారు.

శనివారం_సుబ్బు:
కాలేజీలో ఇంకో పెద్ద చిక్కుంది, ఇది చెప్పకపోతే చర్చ సగమే. కాన్ఫరెన్స్ లోపల ఎవరు ఎవరిని ఓడించినా మొత్తం సగం గెలుపులు, సగం ఓటములే. ఎస్‌ఈసీ బలమైనది, బిగ్ టెన్ బలమైనది అని తేలాల్సింది బయటి వాళ్లతో ఆడే కాసిని గేముల్లో, అవీ ఎక్కువగా సెప్టెంబర్‌లో, టీములు ఇంకా కుదురుకోక ముందే. ఆ పదీ పాతిక గేముల మీద నిలబడిన అంచనాని నవంబర్ దాకా మోసుకెళ్తారు, "వాళ్లు ఓడినా బలమైన వాళ్ల చేతిలో ఓడారు, ఆ బలమైన వాళ్లు ఎందుకు బలమైన వాళ్లంటే వీళ్లని ఓడించారు" అని గుండ్రంగా తిరుగుతుంది. పైగా బయటి గేముల ఒప్పందాలు ఏళ్ల ముందే అయిపోతాయి, సంతకం పెట్టినప్పుడు దిగ్గజంగా ఉన్న టీమ్ ఆడేనాటికి నీరసపడి ఉండొచ్చు. దానికి ఆ స్కూల్‌ని తిడతారు!

నాలుగో_డౌన్:
చాలా సరుకు వచ్చింది. మరి కమిటీ టీములని ఎంచాలంటే దేన్ని చూడాలి?

లెక్కల_లక్ష్మి:
రెండు ప్రశ్నలు ఉన్నాయి, వాటిని విడదీయండి. "ఎవరు అర్హత సంపాదించారు" అంటే స్ట్రెంత్ ఆఫ్ రికార్డ్ చూడండి, అంటే టాప్ 25లో ఉండే ఒక మామూలు టీమ్‌కి ఇదే షెడ్యూల్ ఇస్తే ఈ రికార్డు సాధించే అవకాశం ఎంత అని. 12-0 సులువైన షెడ్యూల్‌లో కూడా తేలిక కాదని అందులో తెలుస్తుంది, ఎందుకంటే పన్నెండు సార్లు వరసగా జారకుండా ఉండాలి. "రేపు ఆడితే ఎవరు గెలుస్తారు" అంటే ఎస్‌ఆర్‌ఎస్ లాంటి రేటింగ్. మీ పూల్‌కి కావాల్సింది ఈ రెండోది. మొదటిది కమిటీకి వదిలేయండి.

ఎండ్‌జోన్_రాజు:
2024 ఒహాయో స్టేట్ 10-2, మిషిగన్ చేతిలో 13-10తో ఓడాక సొంత ఫ్యాన్సే కోచ్‌ని తీసేయమన్నారు. ఎనిమిదో సీడ్‌గా వచ్చి, అంతకుముందు ఒక్క పాయింట్‌తో తమని ఓడించిన ఒరెగాన్‌ని 41-21తో కొట్టి, చివరికి నోటర్ డామ్‌ని 34-23తో ఓడించి టైటిల్ ఎత్తుకెళ్లారు. ఏ పట్టికలో ఉందో చెప్పండి ఇది.

లెక్కల_లక్ష్మి:
పాయింట్ల తేడాలో ఉంది రాజు గారూ. ఆ రెండు ఓటములూ కలిపితే 4 పాయింట్లు.

ఎండ్‌జోన్_రాజు:
😶

నాలుగో_డౌన్:
ఈ వారం పూల్‌కి లక్ష్మి గారి పద్ధతిలో షీట్ వేస్తున్నా, మనతో ఆడిన గేములు తీసేసి. తులసి గారూ, బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ ఆడిన గేములకి ఎంత తగ్గించాలో ఒక అంచనా చెప్పండి, ఆ కాలమ్ ఖాళీగా పెట్టాను.