పాలు కట్టుకుని రాయిలా అయింది, పాప పట్టడం లేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్

పటమట అమ్మాయి
నిన్న రాత్రి నుంచి ఎడమ వైపు రాయిలా గట్టిపడిపోయింది. చెయ్యి తగిలితే ప్రాణం పోతోంది. వేడినీళ్ల కాపడం పెట్టాను. అమ్మ కొబ్బరినూనె రాసి గట్టిగా పిసికింది. పంపు పెడితే నాలుగు చుక్కలు కూడా రాలేదు. పాప రెండుసార్లు చప్పరించి వదిలేసి ఒకటే ఏడుపు. యూట్యూబ్‌లో ఒకరు వేడి అంటారు, ఒకరు ఐసు అంటారు, ఒకావిడ క్యాబేజీ ఆకు అంటుంది. ఇంట్లో వాళ్లేమో డబ్బా పాలు పట్టెయ్, గొడవ వదిలిపోతుంది అంటున్నారు. ఏం చెయ్యాలో సూటిగా చెప్పండి. లెక్చర్లు వద్దు.

గుంటూరు సిస్టర్
జ్వరం ఉందా? పాప వయసెంత?

తెనాలి పెద్దమ్మ
పథ్యం సరిగ్గా చెయ్యకపోతే ఇలాగే ఉంటుందమ్మా. మా రోజుల్లో బాలింతకి వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం, కాచిన నీళ్లు, అవీ గుటక గుటకే. పాలసొర చేప పులుసు పెడితే పాలు వాటంతటవే జారేవి. ఇప్పటి పిల్లలు మూడో వారానికే ఐస్‌క్రీములు తింటున్నారు. నువ్వేం తిన్నావో ముందు చెప్పు.

బ్రాడీపేట కోడలు
పెద్దమ్మా, ఆ పిల్లకి పాలు చాలక కాదు, ఉన్నవి బయటికి రాక బాధ. ఈ ఎండల్లో బాలింతకి నీళ్లు తగ్గించడమేంటండీ? దాహం వేసినప్పుడల్లా తాగాల్సిందే. మా అత్తగారూ చెంబు దాచేసేవారు, అందుకే ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

తెనాలి పెద్దమ్మ
ముగ్గుర్ని పెంచాను. ఒక్కరికీ డబ్బా పాలు పట్టలేదు.

లబ్బీపేట నాన్న
డబ్బా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది. పాలపొడికీ, పాలసీసాకీ ప్రకటన ఇవ్వకూడదు. 2003లో సవరించి రెండేళ్లలోపు పిల్లల ఆహారాలన్నిటికీ గట్టిగా బిగించారు. తల్లిపాలే మేలని డబ్బా మీదే రాసి ఉండాలి. అయినా మందుల షాపువాళ్లు...

గుంటూరు సిస్టర్
సార్, తర్వాత. అమ్మాయి జవాబు రానివ్వండి.

పటమట అమ్మాయి
పాపకి ఏడో వారం. ఒళ్లు వెచ్చగానే ఉంది కానీ చూసుకోలేదు. నిన్న ఆడపడుచు గృహప్రవేశం, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పీటల దగ్గరే. పట్టు జాకెట్టు, పెళ్లినాటిది, కాస్త బిగుతు. పాపకి మా వదిన సీసా పట్టింది. అది మామూలేగా, దానికీ దీనికీ సంబంధం ఉందా?

గుంటూరు సిస్టర్
సంబంధం అదే. పాలు తియ్యకుండా గంటలు గడిచాయి, పైన బిగుతు జాకెట్టు.
ముందు లోపలి బట్టలు వదులు చేసుకో. పిసకడం ఆపు, లోపల వాపు ఇంకా పెరుగుతుంది. పాపకి పట్టే ముందు గోరువెచ్చని గుడ్డ రెండు నిమిషాలు చాలు. తర్వాత చల్లటి గుడ్డే, ఐసైతే బట్టలో చుట్టి. పంపుతో పూర్తిగా ఖాళీ చెయ్యాలని చూడకు, ఇంకా ఎక్కువ పాలు పడతాయి.
రొమ్ము బిగిసి ఉంటే పాప నోటికి అందదు. చనుమొన చుట్టూ నల్లటి భాగంలో వేళ్ల కొసలు ఆనించి ఒక నిమిషం మెల్లగా ఛాతీ వైపు నొక్కి పట్టుకో. అక్కడ మెత్తబడ్డాక పట్టు. చనుమొన ఒక్కటే కాదు, ఆ నల్లటి భాగం చాలా వరకు నోట్లోకి వెళ్లాలి, పాప గడ్డం రొమ్ముకి ఆనాలి.
థర్మామీటరు పెట్టి చెప్పు.

పటమట అమ్మాయి
101.2. వణుకు కూడా వస్తోంది. ఒక పక్క ఎర్రగా ఉంది.

తెనాలి పెద్దమ్మ
అయ్యో, అది పాలగడ్డమ్మా. కొయ్యాల్సిందే. మా తోడికోడలికి కోశారు.

బ్రాడీపేట కోడలు
కోసేది చీము పడితే కదా? గట్టిగా ఉన్నదల్లా గడ్డేనా?

గుంటూరు సిస్టర్
చీము ఉందో లేదో స్కానింగ్‌లో తెలుస్తుంది. ఇక్కడ తేల్చేది కాదు. జ్వరం, వణుకు ఉన్నాయి కాబట్టి రేపటికి వాయిదా వెయ్యకుండా ఇవాళే గైనకాలజిస్టుకి చూపించుకో. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు, పాలిచ్చే తల్లికి పర్వాలేదు.

లబ్బీపేట నాన్న
ఇన్‌ఫెక్షన్ ఉంటే ఆ పాలు పాపకి పట్టకూడదు కదా?

గుంటూరు సిస్టర్
పట్టొచ్చు. పాపకి హాని లేదు. హఠాత్తుగా ఆపేస్తేనే చీముగడ్డ అయ్యే ప్రమాదం.

లబ్బీపేట నాన్న
మా పక్కింటి డాక్టరు గారు ఆపమన్నారే.

గుంటూరు సిస్టర్
ఏ డాక్టరు?

లబ్బీపేట నాన్న
పళ్ల డాక్టరు. అయినా డాక్టరే కదా.

బ్రాడీపేట కోడలు
😂 అమ్మాయ్, పాప తడుపుతోందా? రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా పాస్ పోస్తే పాలు అందుతున్నట్టే, కంగారు పడకు. క్యాబేజీ ఆకు కూడా ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టుకుంటే కాస్త చల్లగా హాయిగా ఉంటుంది, అంతకుమించి మహిమేం లేదు.

పటమట అమ్మాయి
చూపించాను. మాస్టైటిస్ అన్నారు, అంటే రొమ్ము వాపట. చీము లేదట. యాంటీబయాటిక్ రాశారు, కోర్సు పూర్తిగా వాడమన్నారు, పాలు ఆపొద్దన్నారు. వేళ్లతో నొక్కాక పాప పట్టింది, ఇప్పుడు కొంచెం మెత్తబడింది. థాంక్స్ అందరికీ. లేచింది, ఉంటాను.

తెనాలి పెద్దమ్మ
పాలసొర మర్చిపోకు తల్లీ.

మంగళగిరి సుబ్బులు
అక్కా, నాకు చనుమొన పగిలి రక్తం వస్తోంది, బాబు నోట్లో తెల్లటి పూత కూడా ఉంది. ఏం రాయాలి?

గుంటూరు సిస్టర్
ఏమీ రాయకు, ఇద్దరికీ ఒకేసారి చూపించు. నోటి పూత అయితే ఇద్దరికీ మందు వాడాలి. వేరే పోస్టు పెట్టు, ఇక్కడ ఎవరూ చూడరు.