ఆవ అంచు పొలాల ముంపు: గట్టు ఎత్తు పెంచాలా, నేల కింద గొట్టాలు వేయాలా?

పల్లపుమడి: నేను గాజువాకలో ఉద్యోగం చేస్తున్నాను. పొలం మాత్రం అనకాపల్లి అవతల ఒక ఆవ (లోతు తక్కువ సరస్సు) అంచున ఉంది. కొండకర్ల ఆవ అంత పేరున్నది కాదు. అక్టోబరులో వాయుగుండం వచ్చిందంటే పొట్ట మీద ఉన్న వరి మునుగుతుంది. ఆవ వైపు గట్టు ఎత్తు చేసి రాయి పేర్చాలని ఊరి పెద్దలు అంటున్నారు. మడి అడుగున రంధ్రాల గొట్టాలు పరిచి నీటిని లాగేయాలని మా వయసువాళ్లు అంటున్నారు. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద కోనంకిలో, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ గొట్టాలు వేసి చూపించారు కదా. నాది గొట్టాల పక్షం. కాదంటే కారణం చెప్పండి.

పాత ఓవర్‌సీర్: చెబుతాను బాబూ. ఆ రెండు చోట్లా సమస్య నీరు నిలవడం, దానితోపాటు చౌడు. వేళ్ల కింది ఉప్పును కడిగి బయటికి పంపడానికి గొట్టం మంచి సాధనం. మీ బాధ తుపాను వాన. రెండూ ఒకటి కాదు.

లెక్క చూడండి. రోజుకు 5 మిల్లీమీటర్ల నీటిని తీసేలా గొట్టాలు వేశారనుకుందాం. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరం మీద సుమారు 4 లక్షల లీటర్లు నిలుస్తాయి. గొట్టాలు రోజుకు తీసేది 20 వేల లీటర్లు. అంటే 20 రోజులు. పొట్ట మీద ఉన్న పైరు అన్నాళ్లు ఆగుతుందా?

ఇక దూరం. గొట్టాల మధ్య ఎంత ఎడం ఉండాలో హూఖౌట్ అనే డచ్చి శాస్త్రవేత్త 1940లో సూత్రం ఇచ్చాడు. మీది బంకమన్ను, రోజుకు 10 సెంటీమీటర్లకు మించి నీరు కదలదనుకోండి. గొట్టం కిందే నీరు దిగని పొర ఉందనీ, రెండు గొట్టాల నడుమ నీటిమట్టం అర మీటరు ఎత్తున ఉండొచ్చనీ అనుకుంటే, ప్రతి నాలుగున్నర మీటర్లకూ ఒక వరస వేయాలి. నేల పదింతలు గుల్లగా ఉన్నా ఆ దూరం సుమారు 14 మీటర్లే. పైగా దమ్ము చేసిన మడిలో పైపొర కిందే గట్టి పలక ఏర్పడుతుంది. నీరు అసలు గొట్టం దాకా దిగాలి కదా.

పల్లపుమడి: అంత దగ్గరగా వరసలు వేస్తే అయ్యే ఖర్చు సంగతి ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ వాన పోయాక కూడా నెలంతా బురదే. అపరాలు చల్లుకోవడానికి లేదు. దానికైనా గొట్టం పనికిరాదా?

పాత ఓవర్‌సీర్: దానికి పనికొస్తుంది. అయితే గొట్టంలో పడిన నీరు ఎక్కడికి పోతుంది? ఆవలో నీరు మీ మడి కన్నా ఎత్తున ఉంటే గొట్టం వెనక్కి పారుతుంది. గుంత తవ్వి మోటారు పెట్టాలి. తుపాను రాత్రి కరెంటు ఉంటుందా?

అలలెక్క: గట్టు పక్షానికి కూడా రెండు ప్రశ్నలు వేయాలి. ఎంత ఎత్తు? ఏ గాలికి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన రోజు గాలి ఎలా ఉందో ఇక్కడ ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. అంత వద్దు, గంటకు 100 కిలోమీటర్ల గాలి తీసుకుందాం. అడ్డులేని నీటి నిడివి 2 కిలోమీటర్లు, లోతు 2 మీటర్లు అనుకుందాం. గాలి నీటిని ఒక ఒడ్డుకు నెట్టి మట్టాన్నే పెంచుతుంది. హాలెండులోని జ్యూడర్‌జీ అనే సముద్రపాయ పేరున్న సూత్రం ప్రకారం అది 16 సెంటీమీటర్లు. దాని మీద అల. పాఠ్యపుస్తకాల్లోని స్టీవెన్సన్ సూత్రం 89 సెంటీమీటర్లు అంటుంది గానీ, అది లోతును పట్టించుకోదు. లోతు తక్కువైన ఆవలో అల అంత లేవదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. పూడిక తీసి ఆవను లోతు చేస్తే ఆ 16 సెంటీమీటర్లు తగ్గుతాయి, అల మాత్రం పెరుగుతుంది. పూడికతీత అన్ని రోగాలకూ మందు అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. (హూఖౌట్‌దీ జ్యూడర్‌జీదీ హాలెండే. డచ్చివారు మనకు భీమిలిలో సమాధులు మాత్రమే వదిలిపోయారనుకున్నాను.)

నత్తగుల్లకొంగ: జమ్ము, తుంగ గురించి ఎవరూ మాట్లాడరేం? అల వాటి కాడల మధ్య నుంచి వచ్చేసరికి బలం కోల్పోతుంది. 1984 నుంచీ దీనికి సూత్రాలు ఉన్నాయి. గుర్రపుడెక్కతో పాటు ఒడ్డు జమ్మును కూడా యంత్రంతో పీకేసి, తర్వాత గట్టు కోసుకుపోతోందని రాయి పేరుస్తారు. రాయి మీద పిట్ట గూడు కట్టదు.

నలభైసెంట్లు: పిట్టల మీద జాలి మంచిదే. ఆ జమ్ము ఏటా మా మడిలోకి రెండు బారలు జరుగుతోంది. అది నరికితే తప్పంటారు, మేము మునిగితే ఎవరూ అడగరు. నాకు గట్టే కావాలి. నేను ఒడ్డు పక్కన ఉన్నవాణ్ణి.

పాత ఓవర్‌సీర్: గట్టు ఎత్తయితే ఆవ నీరు రాదు సరే, మీ వెనక మెరక నుంచి వచ్చే వాన నీరు ఆవలోకి ఎలా పోతుంది? మీ మడే చెరువవుతుంది. ముందు చూడాల్సింది ఆవ నుంచి నీరు పోయే దారి. కొల్లేరును చూడండి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ వచ్చి పడతాయి. సముద్రానికి పోయేది ఒక్క ఉప్పుటేరు. ఆ దారి ఇరుకైతే ఎగువన ఎన్ని గట్లు కట్టినా పొలాల మీదికే ఎగదన్నుతుంది. మీ ఆవ తూము దిగువన కాలువ ఎలా ఉంది?

పల్లపుమడి: కాలువ పేరుకే. సగం పూడింది. మిగతా సగంలో ఒకరు చేపల గుంట తవ్వుకున్నారు.

నలభైసెంట్లు: ఒకరు అంటారేం, మీ పెదనాన్నగారిదే కదా ఆ గుంట!

పల్లపుమడి: అవును, ఆయనదే. అందుకే గొట్టాల గురించి అడిగాను.

అలలెక్క: సరే. వేసవిలో ఆవ ఎండినప్పుడు తూము గడప మట్టం, మీ మడి మట్టం, గుంట దిగువ మట్టం లెవెల్ పెట్టి తీయించండి. తూము గడప మీ మడి కన్నా ఎత్తులో ఉంటే పెదనాన్నగారిని బతిమాలి లాభం లేదు, తూమే దించాలి. పల్లంలో ఉంటే మాత్రం ఆయనతో మాట్లాడక తప్పదు.

నలభైసెంట్లు: తూము దించితే వేసవి దాళ్వాకు నీళ్లెక్కడివి? దానికీ లెక్క వేసి పెట్టండి.