నెలన్నర సూది సర్కారుదా, నొప్పి లేనిదా?

బుజ్జాయి_అమ్మ: బాబుకి నెలన్నర నిండింది. బుధవారం టీకా. కాస్త జలుబుంది, వేయించొచ్చా? పుట్టగానే వేసిన బీసీజీ (క్షయ టీకా) దగ్గర చీము పట్టింది, ఏమన్నా రాయాలా? మా అత్తగారేమో సర్కారు సూదికి జ్వరం వస్తుంది, ప్రైవేటులో నొప్పి లేనిది వేయించమంటున్నారు.

గోదారిగట్టు: అత్తగారి మాట వినండి. మా పాపకి పీహెచ్‌సీలో వేయిస్తే రాత్రంతా ఒకటే ఏడుపు, తొడ మీద గడ్డ. తర్వాతి డోసు నుంచి ప్రైవేటే.

నల్లగొండ_నాని: గడ్డ కడితే ఏమైతది, అదే కరుగుతది. మా పిల్లలకు సర్కారు దవాఖానలనే ఏపిచ్చినం. పైసలున్నోళ్ల షోకులు గివి.

గోదారిగట్టు: షోకులా? తెల్లవార్లూ పిల్లనెత్తుకు తిరిగింది నేను. మీ ఇంట్లో ఎవరు తిరిగారో మీ ఆవిణ్ణి అడగండి.

మందులషాపు_మూర్తి: ఈ లైన్లోనే జుట్టు నెరిసింది నాకు, వినండి. నొప్పి లేనిదన్నది ఉత్త పేరు, గుచ్చితే ఏ సూదైనా నొప్పే. తేడా అందులోని కోరింత దగ్గు టీకా భాగంలో. సర్కారు పెంటావాలెంట్‌లో, అంటే అయిదు జబ్బులకి కలిపి వేసే సూదిలో, ఆ దగ్గు తెచ్చే బ్యాక్టీరియాని చంపి మొత్తంగా పెడతారు, అందుకే జ్వరం, వాపు ఎక్కువ. ప్రైవేటు దాంట్లో దాని ముక్కలు కొన్నే. జ్వరం తక్కువ, రక్షణ కూడా తొందరగా తగ్గుతుంది.

గోదారిగట్టు: అంటే నేను దండగ టీకా వేయించానా?

మందులషాపు_మూర్తి: ఆ మాట నేనెక్కడన్నాను తల్లీ! 16-24 నెలల మధ్య ఒక బూస్టరు (రక్షణ మళ్లీ పెంచే డోసు), 5-6 ఏళ్లకి ఇంకోటి. అవి ఎగ్గొట్టకండి.

డాలస్_బాబాయ్: ఇక్కడ అమెరికాలో పిల్లలకి ఆ ముక్కల టీకానే. 2010లో కాలిఫోర్నియాలో కోరింత దగ్గు చెలరేగి 10 మంది పసికందులు పోయారు. అప్పట్నుంచి గర్భిణులకీ వేయడం మొదలెట్టారు.

వేపచెట్టు: అసలిన్ని సూదులెందుకు? మా తాతలకెవరు వేశారు? తట్టుకి వేసే ఎంఎంఆర్ టీకాతో ఆటిజం వస్తుందని డాక్టరే రాశాడు.

మందులషాపు_మూర్తి: ఆ డాక్టరు పేరు వేక్‌ఫీల్డ్. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశాడు. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడు ఆయన్ని బ్రిటన్ డాక్టర్ల జాబితా నుంచీ తీసేశారు. ఆ ముక్క వాట్సాప్‌లో రాలేదా?

నల్లగొండ_నాని: తాతల ముచ్చట తియ్యకు అన్నా. మా నాయనమ్మ పిల్లల్ల ఇద్దరు తట్టుకే పోయిండ్రు. బతికినోళ్లే తాతలైండ్రు.

వేపచెట్టు: మర్యాదగా మాట్లాడు.

నల్లగొండ_నాని: అన్నా అనే అన్న గదా!

బుజ్జాయి_అమ్మ: ఇంతకీ జలుబు సంగతి?

సబ్‌సెంటర్_ఏఎన్ఎం: మామూలు జలుబుకి టీకా ఆపం అమ్మా, తీసుకురా. బీసీజీ పుండుకి ఏమీ రాయొద్దు, అదే ఎండి మచ్చ పడుతుంది. పడకపోయినా మళ్లీ వేయం. ముందే పారాసెటమాల్ పోసి తీసుకురాకు, జ్వరం వస్తే బరువుని బట్టి ఎంత పోయాలో చెబుతాం. సూది వేసిన చోట రుద్దకు. అరగంట అక్కడే కూర్చోవాలి. కార్డు మర్చిపోకు.

గోదారిగట్టు: కూర్చోడానికి మీ సెంటర్లో కుర్చీలున్నాయా మేడమ్?