అలోన్సో రానన్నాడు, మరి క్లాప్ కుర్చీ ఎవరికి?

బెంజ్ సర్కిల్ ఎరుపు (విజయవాడ) | 2024 మార్చి 30

నిన్న సాయంత్రం మందుల షాపులో జనం కిటకిటలాడుతుండగా ఫోను మోగింది. మన ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు లివర్‌పూల్‌కు మేనేజర్‌గా వస్తాడనుకున్న షాబీ అలోన్సో, తను నడుపుతున్న జర్మన్ జట్టు లెవర్‌కూసెన్‌లోనే ఉంటానని చెప్పేశాడట. దగ్గు మందు అడిగినాయనకు కంటి చుక్కలు ఇవ్వబోయాను. జనవరి 26న మన మేనేజర్ క్లాప్ వెళ్ళిపోతున్నానని ప్రకటించినప్పటి నుంచి నేను ఈ ఒక్క పేరు పట్టుకునే ఉన్నాను. 2005 ఇస్తాంబుల్ ఫైనల్లో మన తరఫున ఆడుతూ, తన పెనాల్టీని మిలన్ గోల్‌కీపర్ దిదా ఆపితే, తిరిగొచ్చిన బంతినే మళ్ళీ నెట్లోకి కొట్టి 3-3 చేసినవాడు మన మేనేజర్‌గా వస్తే ఇంకేం కావాలి? పెళ్ళిచూపులు కాకముందే శుభలేఖలు అచ్చు వేయించుకున్నట్టయింది.

ఇప్పుడు వేరే జట్ల కోచ్‌లు అమోరిమ్, డి జెర్బీ, నాగెల్స్‌మన్ పేర్లు అంటున్నారు. ఊహలకేం, ఎన్నికల టిక్కెట్ల మీద కూడా రోజుకొకటి వింటున్నాం. నేను అడిగేది వేరు. ఏళ్ళ తరబడి ఒకే మనిషి నడిపిన క్లబ్బును ప్రేమించి, ఆయన వెళ్ళాక ఏమైందో కళ్ళారా చూసినవాళ్ళు చెప్పండి. మాంచెస్టర్ యునైటెడ్ వాళ్ళు కూడా రావచ్చు. ఈ ఒక్కసారికి.

అరండల్‌పేట యునైటెడ్ (గుంటూరు) | మార్చి 30

పిలిచారు కాబట్టి వచ్చాను. ఎగతాళి చేయడానికైతే కాదు. ఈ నెలలోనే ఎఫ్ఏ కప్పులో మిమ్మల్ని 4-3తో ఓడించాం, అది చాలు.

2013 మే. మా మేనేజర్ ఫెర్గూసన్ 26 ఏళ్ళకు పైగా చేసి, తన 13వ లీగ్ టైటిల్‌తో దిగిపోయాడు. వారసుణ్ణి కూడా ఆయనే చూపించాడు. డేవిడ్ మోయ్స్, ఆరేళ్ళ ఒప్పందం. నలుగురు స్నేహితులం శంకర్ విలాస్ సెంటర్లో నిలబడి, ఇక ఇంకో పాతికేళ్ళు నిశ్చింత అనుకున్నాం. 2014 ఏప్రిల్‌లో, అంటే పది నెలలకే, మోయ్స్‌ను పంపేశారు. ఆ సీజన్లో ఏడో స్థానం.

అప్పుడు మోయ్స్‌ను నేనూ తిట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే తప్పంతా ఆయనది కాదు. ఫెలన్, మ్యూలెన్‌స్టీన్, ఎరిక్ స్టీల్ లాంటి పాత కోచ్‌లను సాగనంపి, తన పాత క్లబ్బు ఎవర్టన్ నుంచి తన మనుషుల్ని తెచ్చుకున్నాడు, అది ఆయన చేసిన పొరపాటే. కానీ అదే వేసవిలో ఆటగాళ్ళ బేరసారాలు ఏళ్ళ తరబడి చూసిన డేవిడ్ గిల్ కూడా వెళ్ళిపోయాడు. వంటవాడూ, సరుకులు తెచ్చేవాడూ ఒకేసారి మానేసిన ఇల్లు మాది. కొత్త వంటవాడికి ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పేవాడు కూడా లేడు. జులై నెలాఖరులోగా 2.35 కోట్ల పౌండ్లకు దొరికే ఎవర్టన్ ఆటగాడు ఫెల్లైనీని, గడువు దాటించి, కొనుగోళ్ళ ఆఖరి రోజున 2.75 కోట్లు పోసి తెచ్చారు. ఆ వేసవి మొత్తానికి చెప్పుకోదగ్గ కొనుగోలు అదొక్కటే.

తర్వాత మేనేజర్లుగా వాన్ గాల్, మౌరిన్యో, సోల్‌షేర్, రాంగ్నిక్, టెన్ హాగ్. ఒకరు ముచ్చటపడి కొన్న ఆటగాళ్ళు తర్వాతి వారికి బరువు. కప్పులు అసలు రాలేదని కాదు, ఎఫ్ఏ కప్పు, యూరోపా లీగ్, లీగ్ కప్పు వచ్చాయి. లీగ్ మాత్రం రాలేదు.

తెనాలి 66 | మార్చి 31

అన్నయ్యా, అలోన్సో రానందుకు నాకు పెద్ద బాధ లేదు. పెద్ద జట్టుతో ఆయనకు ఇదే మొదటి పూర్తి సీజన్. నా ఓటు అమోరిమ్‌కు. పోర్చుగల్ జట్టు స్పోర్టింగ్‌కు 2021లో 19 ఏళ్ళ తర్వాత లీగ్ తెచ్చిపెట్టాడు. ఒక్కటే గుబులు. ఆయన వెనక మధ్యలో ముగ్గురు డిఫెండర్లతో (సెంటర్ బ్యాకులు) ఆడిస్తాడు, మనవాళ్ళు వెనక నలుగురితో ఆడి ఆడి అలవాటుపడ్డారు. మరి మా 66వ నంబరు చొక్కా ట్రెంట్ ఎక్కడ ఆడాలి?

ఆ పేరు ఎందుకు పెట్టుకున్నానని ఎవరో అడిగారు. 2019 మేలో బార్సిలోనా మ్యాచ్ మనకు అర్ధరాత్రి దాటాక కదా. మూడో గోలు పడగానే మా వీధిలో కరెంటు పోయింది. ట్రెంట్ గబుక్కున కొట్టిన ఆ కార్నర్ కిక్‌ను, దాన్ని ఒరిగీ గోలు చేయడాన్ని నేను తెల్లారాక చూశాను. అమ్మ అంతకుముందే నా కేక విని లేచి, దొంగలు పడ్డారనుకుంది.

డ్రిల్లు మాస్టారు (గుంటూరు) | ఏప్రిల్ 2

ముప్పై ఏళ్ళు పిల్లల చేత పరుగులు పెట్టించి రిటైరైనవాణ్ణి. వంటవాడి పోలిక విన్నాను. బాగుంది. దానికి ఎదురుగా ఇంకో కథ చెబుతాను, అది కూడా లివర్‌పూల్‌దే.

1959లో వచ్చిన బిల్ షాంక్లీ రెండో డివిజన్లో ఉన్న జట్టును పైకి తెచ్చి, 1974 జులైలో ఉన్నట్టుండి చాలించుకున్నాడు. జనం నమ్మలేదు. ఆ బాధ్యతను బాబ్ పైస్లీకి ఇస్తే ఆయన వద్దన్నాడు, బతిమాలితే ఒప్పుకున్నాడు. మొదటి ఏడాది లీగ్‌లో రెండో స్థానం, కప్పు లేదు. తర్వాత చూడండి. మొత్తం తొమ్మిది సీజన్లలో ఆరు లీగ్ టైటిళ్ళు, మూడు యూరోపియన్ కప్పులు. గురువును మించాడు. ఎలా? లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో బూట్లు దాచుకునే చిన్న గది ఉండేది. పైస్లీ, జో ఫాగన్, రూబెన్ బెనెట్ లాంటివాళ్ళు అక్కడ కూర్చుని ప్రతి ఆటగాడి గురించీ, ప్రతి గాయం గురించీ మాట్లాడుకునేవారు. మనిషి మారాడు, ఆ గది మారలేదు. పైస్లీ తర్వాత వచ్చిన ఫాగన్ కూడా ఆ గదిలోవాడే, 1984లో యూరోపియన్ కప్పు గెలిచాడు.

ఇంకొక మాట. షాంక్లీ మానేశాక కూడా ప్రాక్టీసు మైదానానికి వస్తుండేవాడు. ఆటగాళ్ళు అలవాటుగా ఆయననే బాస్ అని పిలిచేవారు. చివరికి రావద్దని చెప్పవలసి వచ్చింది. నాకు అది చదివినప్పుడు కడుపులో దేవినట్టయింది.

మన దగ్గర ఆ గది లేకపోతే ఏమవుతుందో రహీం సాహెబ్ కథ చెబుతుంది. హైదరాబాదులో బడిపంతులు, 1950 నుంచి భారత జట్టు కోచ్. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1962 జకార్తా ఫైనల్లో తలకు కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపితే అతను గోలు కొట్టాడు, కొరియాపై 2-1. అప్పటికే సాహెబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది, 1963లో పోయారు. ఆ స్వర్ణం మళ్ళీ మనకు రాలేదు. ఆయన బుర్రలో ఉన్నదాన్ని రాసుకునేవాడు పక్కన లేడన్నది నా అభిప్రాయం.

బెంజ్ సర్కిల్ ఎరుపు | ఏప్రిల్ 3

మాస్టారూ, మీ మాటతో నాకు భయం ఎక్కువైంది. క్లాప్‌తో పాటు ఆయన కింది కోచ్‌లు లిండర్స్, క్రావీట్జ్, మాటోస్ కూడా వెళ్ళిపోతున్నారు. మీరన్న గది మొత్తం ఖాళీ.

అరండల్‌పేట యునైటెడ్ | ఏప్రిల్ 3

గది ఖాళీ అయినా మీకు కొట్టు నడిపేవాడు తిరిగొచ్చాడు కదా. సలాను, వాన్ డైక్‌ను, ఆలిసన్‌ను తెచ్చిన రోజుల్లో బేరాలు చూసిన మైకేల్ ఎడ్వర్డ్స్‌ను మీ యజమానులు మార్చిలో వెనక్కి పిలిపించుకున్నారు. బోర్న్‌మత్ నుంచి రిచర్డ్ హ్యూజ్ కూడా వస్తున్నాడు. నేను మీ స్థానంలో ఉంటే మేనేజర్ పేరు కోసం నిద్ర పాడుచేసుకోను. మాకు 2013లో లేనిది అదే.

పటమట గన్నర్ (విజయవాడ) | ఏప్రిల్ 15

నిన్న మీరు క్రిస్టల్ ప్యాలెస్ చేతిలో 1-0తో ఓడాక సంబరపడి, వేడిగా ఇడ్లీ తెచ్చుకుని మా ఆర్సెనల్ మ్యాచ్ ముందు కూర్చున్నాను. ఆస్టన్ విల్లా వచ్చి 2-0తో కొట్టి వెళ్ళింది. ఆ జట్టు మేనేజర్ ఎవరో తెలుసు కదా, ఉనై ఎమెరీ. 22 ఏళ్ళు మమ్మల్ని నడిపిన వెంగర్ తర్వాత 2018లో మేం తెచ్చుకుని, పద్దెనిమిది నెలలకే గెంటేసిన మనిషి.

మా అనుభవం ఇది. ఎమెరీ చెడ్డవాడు కాదు. మొదటి ఏడాది ఒక్క పాయింటు తేడాతో నాలుగో స్థానం పోగొట్టుకున్నాడు, యూరోపా ఫైనల్లో చెల్సీ చేతిలో 4-1. రెండో ఏడాది ఆటగాళ్ళు వినడం మానేశారు, స్టేడియం ఈలలు వేసింది. నేను కూడా ఇక్కడ పటమటలో కూర్చుని వేశాను. ఆర్టెటా వచ్చాక వరసగా రెండుసార్లు ఎనిమిదో స్థానం. అప్పుడూ వేశాను. మా వాళ్ళు అతణ్ణి తీసేయలేదు, అంతే తేడా.

తెనాలి 66 | ఏప్రిల్ 15

మన దగ్గరా అంతే కదా అన్నయ్యా. 2015లో క్లాప్ వచ్చేసరికి మనం పదో స్థానం. ఆయన వచ్చాక వరసగా మూడు ఫైనళ్ళు ఓడాం. మొదటి కప్పు 2019 జూన్‌లో మాడ్రిడ్‌లో. ఆ నాలుగేళ్ళ ఓపిక కొత్తవాడికి మనం ఇస్తామా? ఐపీఎల్‌లో రోహిత్ కుర్చీలో కూర్చున్నందుకు హార్దిక్‌ను సొంత మైదానంలోనే ఎలా గేలి చేస్తున్నారో చూస్తున్నాం. మా నాన్నగారైతే, ధోనీ రుతురాజ్‌కు అప్పగించి పక్కనే నిలబడ్డాడు, పద్ధతి అంటే అది అంటారు. షాంక్లీ కథ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

బెంజ్ సర్కిల్ ఎరుపు | ఏప్రిల్ 26

ఇటలీ జట్టు అట్లాంటా మనల్ని యూరప్ పోటీ నుంచి పంపింది, ఎవర్టన్ 2-0తో లీగ్ ఆశ కూడా తీసేసింది. ఇక మిగిలింది ఈ వార్తే. డచ్ జట్టు ఫెయెనోర్డ్ మేనేజర్ ఆర్నె స్లాట్. తనకు లివర్‌పూల్ వెళ్ళాలని ఉందని స్వయంగా చెప్పాడు, క్లబ్బులు డబ్బు మాట్లాడుకుంటున్నాయి. అమోరిమ్ వెస్ట్ హామ్‌తో మాట్లాడటానికి లండన్ వెళ్ళొచ్చి తప్పయిందన్నాడు. తెనాలి చెల్లెమ్మ ఓటు మురిగిపోయింది.

పటమట గన్నర్ | ఏప్రిల్ 26

డచ్చివాడా? ప్యాలెస్‌కు ఫ్రాంక్ డి బోర్ వచ్చి నాలుగు లీగ్ మ్యాచ్‌లు ఆడించి, ఒక్క గోలు కూడా చూడకుండా 77 రోజుల్లో వెళ్ళిపోయాడు. ఎవర్టన్‌లో ఇంకో డచ్చివాడు కూమన్ సంగతి కూడా తెలుసు.

అరండల్‌పేట యునైటెడ్ | ఏప్రిల్ 26

మా టెన్ హాగ్‌ను మరిచిపోయారు, సంతోషం.

డ్రిల్లు మాస్టారు | ఏప్రిల్ 26

దేశం చూసి మనిషిని కొలవకండి. స్లాట్ 2023లో ఫెయెనోర్డ్‌కు లీగ్ గెలిపించాడు, మొన్న 21న డచ్ కప్పు కూడా. అంతకుముందు ఎజడ్ అనే డచ్ జట్టుతో ఉన్నప్పుడు, 2020లో కరోనాతో సీజన్ ఆపేసే నాటికి అయాక్స్‌తో సమానంగా 56 పాయింట్లు. ఇంకో సంగతి కూడా గమనించాను. వెనక నలుగురినే నిలబెడతాడు. ఉన్న ఇంటిని పడగొట్టకుండా సున్నం వేసుకుని కాపురం ఉండే రకంలా ఉన్నాడు. గది ఖాళీ అన్న నా దిగులు మాత్రం తీరలేదు.

తెనాలి 66 | ఏప్రిల్ 27

అయితే మా 66కు చోటు ఉన్నట్టే. ఇవాళ వెస్ట్ హామ్‌తో 2-2. సలా బరిలోకి దిగబోతూ గీత పక్కన క్లాప్‌తో వాదనకు దిగాడు. తొమ్మిదేళ్ళ కాపురం చివర్లో ఇది చూడాల్సి రావడం... టీవీ నాన్నగారికి ఇచ్చేశాను.

డ్రిల్లు మాస్టారు | ఏప్రిల్ 28

క్లాప్ ఆఖరి మ్యాచ్ మే 19, వోల్వ్స్‌తో, మన టైము రాత్రి ఎనిమిదిన్నరకు. పోలింగు 13తో అయిపోతుంది, రోడ్లు ఖాళీగానే ఉంటాయి. మా ఇంట్లో టీవీ పెద్దది, ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయినా తెనాలి అమ్మాయికి భయం లేదు. అందరూ రండి.

అరండల్‌పేట యునైటెడ్ | ఏప్రిల్ 28

నేను కూడానా మాస్టారూ?

డ్రిల్లు మాస్టారు | ఏప్రిల్ 28

మిరపకాయ బజ్జీల బాధ్యత నీదే. ఫెల్లైనీలా ఆఖరి గంటలో కాకుండా, ఏడింటికే తీసుకురా.