క్లాడింగ్ క్లిప్పుల దగ్గర నీళ్ళు కారుతున్నాయి, ఫోమ్ రింగు మందం పెంచాలా?

ప్రశ్న (ఒరగడం, చెన్నై)

అందరికీ నమస్కారం. ఒరగడంలో ప్లాస్టిక్ భాగాలు చేసే ఒక కంపెనీలో డిజైన్ పని చేస్తున్నాను, చేరి రెండేళ్ళయింది. కారు వెనక చక్రం మీద వచ్చే నల్లటి ప్లాస్టిక్ పట్టీ, అంటే క్లాడింగ్‌ని బాడీకి పట్టి ఉంచే క్లిప్పులు నా చేతికి పూర్తిగా అప్పజెప్పిన మొదటి పని.

వివరాలు ఇవి. క్లాడింగ్ టాల్క్ పొడి కలిపిన పీపీ (పాలీప్రొపిలీన్), పొడవు 900 మి.మీ. క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం మీది బాడీ భాగం) రేకు 0.7 మి.మీ. మొత్తం 9 క్లిప్పులు. ముందు చివర 8 మి.మీ. గుండ్రటి రంధ్రం, అదే లొకేటర్, అంటే క్లాడింగ్ జరగకుండా స్థానం పట్టే చోటు. మిగతా ఎనిమిదీ 8×12 పొడుగు రంధ్రాలు. క్లిప్పు నైలాన్ 66, దాని అంచు కింద 16 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్న ఈపీడీఎం రబ్బరు ఫోమ్ రింగు.

షవర్ టెస్టులో 5 బళ్ళలో 3 బళ్ళకి డిక్కీ పక్క అరలోకి నీళ్ళు వచ్చాయి. ఎప్పుడూ వెనక చివరి రెండు క్లిప్పుల దగ్గరే. రింగు 5 మి.మీ. చేయమని మా మేనేజర్ అంటున్నారు. సీలెంట్ రాసేస్తే సరిపోతుంది కదా అని ఇంకొకరు. వచ్చే వారం రివ్యూ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. రింగు మందం పెంచితే సరిపోతుందా?

జవాబు (అంబత్తూరు)

అమ్మా, రింగు మందం మాత్రం ఇప్పుడే పెంచకండి. ఇరవై ఏళ్ళకు పైగా ఇవే క్లిప్పులు, ఇవే అచ్చులు చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

క్లిప్పుకి రెండు పనులు. రంధ్రంలో దూరి అవతల విచ్చుకునే రెక్కలది రేకుని పట్టుకునే పని, నీళ్ళు ఆపడం రింగు పని. ఈ రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. నొక్కిన ఫోమ్ క్లిప్పుని బయటికి తోస్తూనే ఉంటుంది, రెక్కలు లోపలికి లాగుతూనే ఉంటాయి. రింగు 5 మి.మీ. చేస్తే ఆ తోపుడు పెరుగుతుంది. లైన్లో బొటనవేలితో నొక్కే మనిషికి కష్టం సరే, అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. ఎండలో కారు నిలబడితే ఆ వేడికి నైలాన్ రెక్కలు మెల్లగా సడలుతాయి, వాలుగా ఉన్న భుజాలు రంధ్రం అంచు మీద జారతాయి, అంచు పైకి లేస్తుంది. ఈ రోజు షవర్ టెస్టు పాసైన క్లిప్పు మూడు నెలలకి కారుతుంది. ఫోమ్ సగం మందానికి నలిగితే చాలు. మీ 3 మి.మీ. రింగు 1.5 మి.మీ.కి నలుగుతుంటే మందంలో లోపం లేనట్టే.

ముందు నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో కళ్ళతో చూడండి. బండి మీద వద్దు, బల్ల మీదే చూడొచ్చు. స్క్రాప్ ప్యానెల్ నుంచి ఆ రంధ్రం ఉన్న ముక్క కోయించండి. బయటి వైపు నుంచి క్లిప్పు గుచ్చి, దాని చుట్టూ 32 మి.మీ. పీవీసీ పైపు ముక్క నిలబెట్టి అడుగున అంటించండి. నీలం ఇంకు చుక్క కలిపిన నీళ్ళు 150 మి.మీ. ఎత్తు పోయండి. అది సుమారు ఒకటిన్నర కిలోపాస్కల్ ఒత్తిడి, ఇలాంటి చోటికి చాలు. కింద తెల్ల కాగితం పరిచి, టార్చి వేసి, పది నిమిషాలు అక్కడే కూర్చోండి.

చుక్క రెండు చోట్లలో ఒక చోట పుడుతుంది. రేకు అడుగున రంధ్రం అంచు పక్కన మెరిసిందంటే నీళ్ళు రింగు కింద నుంచి వచ్చాయి. అలా కాకుండా రెండు రెక్కల మధ్య నుంచి జారి, క్లిప్పు కొసన నీలం పూసలా వేలాడిందంటే నీళ్ళు క్లిప్పు ఒంట్లోంచే వచ్చాయి. చాలామంది ఈ రెండో దాన్ని చూడరు. అచ్చులో స్లైడ్ (పక్కకి జరిగే ముక్క) పెట్టే ఖర్చు తప్పించడానికి, రెక్కలకి ఆకారం ఇచ్చే కోర్‌ని (అచ్చు లోపలి ముక్కని) అంచు గుండా దూర్చేస్తారు. దాంతో అంచులోనే కిటికీ మిగిలిపోతుంది. దాని చుట్టూ ఎంత మంచి రింగు పెట్టినా, చుట్టూ గట్టు కట్టి తూము తెరిచి పెట్టినట్టే.

ఇంకో మాట. రేకు వెనక ఏముందో కూడా చూసుకోవాలి. డోరు బయటి రేకు లోపలికి నాలుగు చుక్కలు పోయినా ఫర్వాలేదు, కింద డ్రెయిన్ రంధ్రాలున్నాయి. క్వార్టర్ ప్యానెల్ వెనక డిక్కీ ఉంది, అక్కడ చుక్క కూడా పోకూడదు. డోరుకి వాడిన క్లిప్పునే ఇక్కడా వాడేస్తున్నారా?

ప్రశ్న అడిగినవారు

సార్, మీరన్నది నిజమే. డోరు క్లాడింగ్‌కి పాత మోడల్లో వాడిన క్లిప్పే ఇది, రింగు ఒక్కటే కొత్తగా చేర్చాం. అంచులో రెండు కిటికీలున్నాయి. డ్రాయింగ్‌లో రోజూ చూస్తున్నదే, అయినా అటు ఆలోచన పోలేదు.

నిన్న సాయంత్రం పైపు పరీక్ష చేశాను. రంధ్రం మధ్యలో గుచ్చిన క్లిప్పుకి ఆరో నిమిషంలో కొసన నీలం చుక్క వచ్చింది. తర్వాత బండి మీద ఎలా కూర్చుంటోందో చూద్దామని కొలిచాను. క్లాడింగ్ డ్రాయింగ్ కంటే 1.6 మి.మీ. పొట్టిగా ఉంది, అందుకని వెనక చివరి క్లిప్పు పొడుగు రంధ్రంలో ముందుకి జరిగి ఉంటోంది. బల్ల మీద కూడా అంతే జరిపి గుచ్చాను. నీళ్ళు పోసిన అర నిమిషంలోనే రంధ్రం వెనక కొసన రేకు అడుగు తడిసి, వరసగా చుక్కలు. అంటే రెండు దార్లూ ఉన్నట్టేనా?

జవాబు (అంబత్తూరు)

ఉన్నాయి. రెండోది పెద్దది. మీ లెక్క మీరే వేసుకోండి, నేను పక్కన ఉంటాను.

రంధ్రం పొడవు 12, కాబట్టి మధ్య నుంచి కొసకి 6 మి.మీ. క్లిప్పు 1.6 ముందుకి జరిగితే వెనక కొస క్లిప్పు మధ్య నుంచి 7.6 దూరంలో ఉంటుంది. రింగు సగం వ్యాసం 8. అంటే నీళ్ళని ఆపేది కేవలం 0.4 మి.మీ. ఫోమ్. పైగా ఆ ఫోమ్‌ని షీటు నుంచి డైతో కోస్తారు, కోసిన అంచులో గాలి గదులు తెరుచుకుని ఉంటాయి. క్లిప్పు పూర్తిగా 2 మి.మీ. జరిగితే 6, 2 కలిసి 8. రింగు అక్కడికక్కడే అయిపోయింది, మిగిలింది సున్నా. మందం 5 కాదు, 10 చేసినా ఇది ఆగదు. పెంచాల్సింది వ్యాసం. ఎంత జరిగినా రంధ్రం కొస దాటి 3 మి.మీ. రింగు ఉండాలని నేను పెట్టుకున్న నియమం. ఆ లెక్కన 8, 3 కలిపి 11, అంటే 22 మి.మీ. వ్యాసం.

ఇప్పుడు ఆ 1.6 గురించి. పీపీ అచ్చులోంచి వచ్చాక కూడా ఒకటి రెండు రోజులు కుంచించుకుంటూనే ఉంటుంది. మీ వాళ్ళు వేడి మీదే కొలిచి సరే అనుకుంటున్నారేమో, 48 గంటలు ఆగి కొలవమనండి. దానికంటే ముఖ్యం లొకేటర్ ఉన్న చోటు. టాల్క్ పీపీ డిగ్రీకి మీటరుకి దాదాపు 80 మైక్రాన్లు సాగుతుంది, ఉక్కు 12. తేడా 68. మే నెల చెన్నై ఎండలో నల్ల క్లాడింగ్, బిగించిన నాటి వేడి కంటే 40 డిగ్రీలు ఎక్కువకి పోవడం తేలిక. 0.9 మీటర్ల పొడవుకి సుమారు 2.4 మి.మీ. తేడా వస్తుంది. లొకేటర్ ముందు చివర ఉంది కాబట్టి ఆ 2.4 అంతా వెనక చివరే పోగవుతుంది. క్లాడింగ్ సరైన పొడవుకి వచ్చాక మీ రంధ్రం ఇచ్చే చోటు 2 మి.మీ. మిగతా దానికి క్లాడింగ్ ఉబ్బుతుంది, క్లిప్పుని పీకుతుంది, అంచుని వంచుతుంది. లొకేటర్ మధ్య క్లిప్పుకి మారిస్తే చెరో వైపు 1.2 మాత్రమే, ఆ పొట్టితనం కూడా 0.8కి తగ్గుతుంది. రేకులో ఆ ఒక్క రంధ్రం గుండ్రంగా, ముందుది పొడుగ్గా చేయమని అడగండి. పియర్సింగ్ పంచ్ మార్పే కాబట్టి ఇప్పుడైతే ఒప్పుకుంటారు, ఉత్పత్తి మొదలయ్యాక ఎవరూ ఒప్పుకోరు.

అడిగేటప్పుడే బర్ ఎటు వస్తుందో కూడా అడగండి. పంచ్ బయటికి వచ్చే వైపు రేకు అంచు పంటిలా లేస్తుంది. అది రింగు వైపు ఉంటే ఫోమ్‌ని కోసేస్తుంది. వేలి గోరు రంధ్రం చుట్టూ తిప్పితే తెలిసిపోతుంది. ఇంకా రంధ్రాన్ని పెయింట్ అయ్యాకే కొలవండి. ఈడీ కోటు (కరెంటుతో పట్టించే మొదటి పెయింట్ పొర) ఒక్కటే అంచు మీద 20 మైక్రాన్ల దాకా ఉంటుంది, పైపొరలు అదనం.

సీలెంట్ సంగతి. ట్రయల్ బళ్ళకి బ్యూటైల్ టేపు ముక్క పెట్టి పని గడుపుకోండి, తప్పు లేదు. ఉత్పత్తికి వద్దు. రేపు క్లాడింగ్ తీయాలంటే పెయింట్ ఊడొస్తుంది. బాడీ షాపు చుట్టుపక్కలకి సిలికాన్ మాత్రం అసలు రానివ్వకండి, గాల్లో కాస్త పోయినా పెయింట్‌లో గుంటలు పడతాయి.

మరో సభ్యుడు (పుదుపేట)

నేను డిజైన్ మనిషిని కాదు సార్, బళ్ళలో నీళ్ళు కారడం కనిపెట్టి సరిచేసే పని. 2015 డిసెంబర్ వరదలప్పుడు, మళ్ళీ 2023 మిచౌంగ్ తుఫానప్పుడు కార్పెట్లు పీకి పీకి చేతులు పుండయ్యాయి. మునిగిన బండి సంగతి వేరు. మునగకుండానే కంపు కొట్టే బళ్ళు చాలా వస్తాయి, వాటిలో కొన్ని ఈ క్లిప్పులవే.

మేం చేసేదిది. లోపల ట్రిమ్ విప్పి, ఆ చోటంతా సుద్దపొడి చల్లుతాం. ఒక మనిషి టార్చితో డిక్కీలో కూర్చుంటాడు. బయట పైపుతో నీళ్ళు కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి తెస్తాం. పై నుంచి పోస్తే అన్ని రంధ్రాలూ ఒకేసారి తడిసి ఏదీ తెలీదు. సుద్దలో తడి గీత ఎక్కడ మొదలైతే అదే చోటు. మేడమ్ షవర్ టెస్టు తర్వాత ఇది కూడా చేసి చూడండి.

రింగు విడిగా వేసినది వద్దు మేడమ్. క్లాడింగ్ ఒకసారి పీకగానే క్లిప్పు చేతికొస్తుంది, ఫోమ్ రేకుకి అతుక్కుని సగం చిరిగి అక్కడే ఉంటుంది. హడావిడిలో మెకానిక్ అదే క్లిప్పు మళ్ళీ గుచ్చేస్తాడు. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొన్నా రింగు లేని క్లిప్పే చేతిలో పెడతారు. రింగు క్లిప్పుతో కలిసి పుట్టాలి.

జవాబు (అంబత్తూరు)

పుదుపేట తమ్ముడు చెప్పింది పనికొచ్చే మాట. మెత్తటి టీపీఈ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) పెదవిని క్లిప్పు మీదే రెండో షాట్‌గా, అంటే అచ్చులోనే రెండో విడతగా పోయొచ్చు, గొడుగులా కిందికి వాలి అంచు పల్చబడేలా. అయితే జత కుదరాలి. మామూలు ఎస్ఈబీఎస్ రకం టీపీఈ పీపీకి బాగా అతుక్కుంటుంది. నైలాన్‌కి దానికోసమే చేసిన గ్రేడ్ తెప్పించుకోవాలి. పీఓఎం (ఎసిటాల్) ప్లాస్టిక్‌కి సాధారణంగా అంటదు, రంధ్రాలు పెట్టి ముడివేసినట్టు పోయాలి. పెదవి మీద అచ్చు కలిసే గీత, గేటు (ప్లాస్టిక్ అచ్చులోకి దూరే చోటు) మచ్చ రెండూ రాకూడదు. గీత ఎంత సన్నదైనా నీటికి అదే కాలువ. సప్లయర్‌ని 70 డిగ్రీల్లో 22 గంటల కంప్రెషన్ సెట్ (నలిగాక తిరిగి లేవకుండా మిగిలే శాతం) ఎంతో అడిగి కాగితం మీద తీసుకోండి.

కిటికీలు మూయడానికి అచ్చులో స్లైడ్ తప్పదు. కిటికీని మూసే పొర 0.8 మి.మీ. మందం ఉంటే అచ్చులో ప్లాస్టిక్ నిండుతుంది. ఖర్చు అడిగితే డిక్కీలో తడిసిన కార్పెట్ ఖర్చు పక్కన పెట్టి చూపించండి. రెక్కల లెక్క కూడా మళ్ళీ వేసుకోండి. పొడవు 8, మందం 1.2, లోపలికి వంగేది 1 మి.మీ. అనుకుంటే, ఒకటిన్నరని మందంతో, వంపుతో హెచ్చవేసి పొడవు వర్గంతో భాగించాలి. సుమారు 2.8 శాతం వస్తుంది. నైలాన్ 66 ఒక్కసారి గుచ్చడానికి 4 శాతం దాకా ఓర్చుకుంటుంది కాబట్టి ఇది సరే. నైలాన్‌లో గ్లాస్ ఫైబర్ కలపకండి, రంధ్రం అంచు దగ్గర పెయింట్ గీసుకుపోయి తుప్పు మొదలవుతుంది.

అచ్చులోంచి అప్పుడే తీసిన నైలాన్ పెళుసు. గుచ్చితే రెక్క విరుగుతుంది. 50 శాతం తేమ గాలిలో ఉండి దాదాపు 2.5 శాతం నీరు తాగాక మెత్తబడుతుంది, పట్టు కూడా కాస్త తగ్గుతుంది. పీకుడు పరీక్ష రెండు స్థితుల్లోనూ చేయండి. పైపు పరీక్ష కూడా ఒకసారి కొత్త క్లిప్పుకి, ఒకసారి రేకు ముక్కతో సహా 80 డిగ్రీల ఓవెన్‌లో వారం ఉంచిన క్లిప్పుకి.

ప్రశ్న అడిగినవారు

సార్, రివ్యూలో ఆ నీలం చుక్క వీడియో చూపించాను. లొకేటర్ మధ్యకి మార్చడానికి ఒప్పుకున్నారు, క్లిప్పు అచ్చుకి స్లైడ్ కొటేషన్ అడిగారు. రింగు వ్యాసం 22 అన్నది మాత్రం క్లాడింగ్ వెనక ఒక చోట పక్కటెముకకి (బలం కోసం పెట్టిన రిబ్‌కి) తగులుతోంది, దాన్ని 2 మి.మీ. జరుపుతున్నాం. ఈ లోపు కొత్త ఆకారం 3డీ ప్రింట్ తీసి పైపు పరీక్ష పెట్టొచ్చా?

జవాబు (అంబత్తూరు)

వద్దమ్మా. ప్రింటు పొరల మధ్య నుంచే నీళ్ళు ఊరతాయి, కారితే దేని వల్లో తెలీదు. రెక్కలు కూడా అచ్చులో పోసినట్టు వంగవు. ప్రింటుతో పక్కటెముక తగులుతోందా లేదా అన్నది మాత్రం చూసుకోండి. నీళ్ళ పరీక్షకి ఒకసారికి ఒక్క క్లిప్పే వచ్చే అల్యూమినియం ట్రయల్ అచ్చు చేయించండి, టీపీఈ పెదవి అప్పటికి సిద్ధం కాకపోతే మొదటి విడత ఫోమ్ రింగు 22 మి.మీ.కి కోసి వేయండి. వెనక చివరి రంధ్రంలో క్లిప్పుని పూర్తిగా ఒక కొసకి నెట్టి, అక్కడే నీళ్ళు పోయండి. మధ్యలో పెట్టి పాసయ్యామనుకోవద్దు. ఆ కాగితం ఫోటో ఇక్కడ పెట్టండి, చూస్తాను.