రాత్రిపూట తమ్ముడికి జబ్బు తిరగబెడితే ముందు ఎవరికి ఫోన్ చేయాలి? బెంగళూరులో ఉన్నవాళ్ళు చెప్పండి

హిందూపురం అక్క, బేగూరు

అందరికీ నమస్కారం. ఇలాంటిది ఇంట్లో చూసినవాళ్ళు మనలో ఉంటారని రాస్తున్నా. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడికి 27 ఏళ్ళు. నా దగ్గరే ఉంటాడు. రెండేళ్ళ కిందట స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు అన్నారు. మందులతో బాగానే ఉన్నాడు, ఒక గోడౌన్‌లో బిల్లింగ్ పనికి కూడా పోయేవాడు. ఒళ్ళొస్తోందని, పొద్దున లేవలేకపోతున్నానని నాకు చెప్పకుండా మాత్రలు మానేశాడు. స్ట్రిప్పులు చూస్తే ఖాళీ అవుతూనే ఉన్నాయి. మాత్రలు సింకులో వేస్తున్నాడని తర్వాత తెలిసింది.

పోయిన నెల ఒకరోజు రాత్రి ఒంటిగంట దాటాక మెలకువ వచ్చింది. వంటింట్లో లైటు వెలుగుతోంది. పోయి చూస్తే కొళాయి మూతికి నల్ల టేపు చుట్టేసున్నాడు. ఫిల్టరు ప్లగ్గు పీకేశాడు. పై ఇంటివాళ్ళు ట్యాంకులో ఏదో కలిపారంట, ఆ రోజంతా చుక్క నీళ్ళు తాగలేదు. పెదాలు తెల్లగా పగిలిపోయినాయి. చేతిలో కూరగాయల చాకు. నా మీదికి ఒక్క అడుగు కూడా వేయలేదు, అది మాత్రం చెప్పాలి. ఎవరో వస్తారని కిటికీ వైపే చూస్తూ నిలబడినాడు.

112కి చేశాను. హొయ్సళ బండిలో, అంటే పోలీసు గస్తీ బండిలో, ఇద్దరొచ్చారు. వాళ్ళలో వయసులో చిన్నాయన లోపలికి వస్తూనే "చాకు కెళగె ఇడో!" అని కన్నడంలో అరిచాడు, చాకు కింద పెట్టమని. వీడు గోడకు అతుక్కుపోయి చాకు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. రెండో ఆయన పెద్ద వయసు హెడ్ కానిస్టేబులు. చిన్నాయన్ని వాకిట్లోకి పంపించి, టోపీ తీసి గ్యాస్ బండ మీద పెట్టాడు. "ఏమప్పా, నీళ్ళు తాగి ఎంతసేపయింది?" అని తెలుగులో అడిగాడు. బండిలోంచి వాటర్ బాటిల్ తెప్పించి, మూత తీయకుండా నేల మీద పెట్టి, తను రెండడుగులు వెనక్కి జరిగాడు. "సీలుంది చూసుకో నాయనా. నువ్వే తీసుకో" అన్నాడు. ఆ సీలు తెగిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. చాకు స్లాబు మీద పెట్టేసి రెండు చేతులతో బాటిల్ ఎత్తి తాగాడు మా వాడు.

ఇంక గండం గడిచిందనుకున్నా. మెట్లు దిగేటప్పుడు ఆ చిన్నాయన తువ్వాలుతో వాడి చేతులు వెనక్కి విరిచి కట్టేశాడు. కింద ఇంటివాళ్ళు ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు. ముందు పోయిన ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పోలీసులతో వచ్చిన కేసు మాకొద్దని గేటు దగ్గరే పంపించేశారు. తెల్లారుజామున ఇంకోచోట చేర్చుకున్నారు. 16 రోజులున్నాడు.

ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు, మాత్రలు నా ముందరే వేసుకుంటున్నాడు. కానీ ఒకరోజు అన్నం తింటూ "పోలీసులకు పట్టించావు కదక్కా" అన్నాడు. నాకు ముద్ద దిగలేదు.

వేరే దేశాల్లో నర్సు, పోలీసు కలిసి ఒకే బండిలో వస్తారని చదివాను. మన దగ్గర అట్లాంటిదాన్ని ఎట్లా తెచ్చుకోవడం? మళ్ళీ అలాంటి రాత్రి వస్తే ముందు ఎవరికి చేయాలి? వాడి మీద స్టేషన్లో ఏదైనా కేసు ఉండిపోతుందా?

ముళబాగిలు మామ, రిటైర్డ్ ఏఎస్ఐ

అమ్మా, బెంగళూరు సిటీలో 30 ఏళ్ళు చేసి రిటైరయినాను. నీ చివరి ప్రశ్నకు ముందు చెప్తా. జబ్బు చేయడం నేరం కాదు, దానికి కేసు లేదు. ఒకవేళ మనిషి ఆత్మహత్యకు ప్రయత్నించినా, తీవ్రమైన ఒత్తిడిలో చేశాడనే భావించి శిక్షించకూడదని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ చెప్తుంది. ఆత్మహత్యాయత్నానికి శిక్ష వేసే పాత ఐపీసీ 309వ సెక్షన్ కూడా, ఐపీసీ స్థానంలో 2024 జులై 1న వచ్చిన న్యాయ సంహితలో లేదు. నిశ్చింతగా ఉండు.

మా కాలంలో 1987 మెంటల్ హెల్త్ చట్టం ఉండేది. అట్లాంటి మనిషిని పట్టుకుంటే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అంటే జబ్బు మనిషి కూడా దొంగ నడిచే దారిలోనే నడవాల. కొత్త చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. అందులో 100వ సెక్షన్ చదువుకో. గడువు అదే 24 గంటలు, చేరాల్సిన చోటు మారింది: దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి. లాకప్పులో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. ఎందుకు తీసుకుపోతున్నామో ఆ మనిషికి చెప్పాలి, అర్థం చేసుకునే స్థితిలో లేకపోతే అతని తరఫు ప్రతినిధికి చెప్పాలి. చట్టం చూపించేది ప్రభుత్వ ఆసుపత్రి కాబట్టి, ఇంకోసారి నర్సింగ్ హోమ్‌ల చుట్టూ తిరిగి టైము పోగొట్టుకోవద్దు.

112లో నువ్వు చెప్పే మొదటి మాట మీదే అంతా ఉంటుంది. "చాకు పట్టుకున్నాడు" అని మొదలుపెడితే వచ్చేవాడి చెయ్యి లాఠీ మీదికే పోతుంది. "మా తమ్ముడికి మానసిక జబ్బు, మందులు ఆగిపోయినాయి, భయపడి ఉన్నాడు, ఎవరినీ కొట్టలేదు, తెలుగు మాట్లాడేవాళ్ళు కావాలి, సైరన్ వద్దు" అని చెప్పి, తర్వాత చాకు సంగతి చెప్పు. దాచొద్దు. దాస్తే ఆ పోలీసోడి ప్రాణం మీదికొస్తుంది.

టోపీ తీసిన ఆయన గురించి చదివి చాలాసేపు కూర్చున్నా. ఎన్నో ఏళ్ళ కిందట ఒక బస్టాండులో ఒక కుర్రాణ్ణి కమ్మీకి తాడుతో కట్టి జీపు కోసం చూస్తూ నిలబడినాను నేను. వాడు నా మొహం చూడలేదు, ముడి వైపే చూస్తున్నాడు. నీళ్ళు అడగాలని నాకు తోచలేదమ్మా.

వైట్‌ఫీల్డ్ బావ

ఇవన్నీ ఎందుకండీ, మా మేనమామకు కాఫీలో మాత్ర కలిపి ఇచ్చేవాళ్ళం. పోలీసుల దాకా ఎప్పుడూ పోలేదు.

నైట్ డ్యూటీ సిస్టర్, నెల్లూరు నుంచి

బావగారూ, మీ మంచితనం అర్థమైంది కానీ ఈ ఇంట్లో ఆ పని అస్సలు చేయొద్దు. నీళ్ళల్లో ఏదో కలిపారని భయపడిన అబ్బాయి అతను. కాఫీలో మీరు కలిపింది ఒక్కసారి కనిపెట్టాడంటే అతని భయం నిజమైపోతుంది. ఆ తర్వాత అక్క చేతి అన్నం కూడా తినడు. ఆ హెడ్ కానిస్టేబులు మూత తీయకుండా బాటిల్ ఇచ్చాడే, అది చూడండి. నీళ్ళల్లో ఏమీ లేదని వాదించలేదు, తాగమని బతిమాలలేదు. సీలు చూసుకునే పని అతనికే అప్పగించాడు. నేను సైకియాట్రీ వార్డులో 13 ఏళ్ళుగా పనిచేస్తున్నా. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇది నేర్పడానికి నెలలు పడుతుంది.

అక్కా, మీరు చదివిన ఏర్పాట్లు అన్నీ ఒకే రకం కావు. అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్ళో 1987లో చాకు పట్టుకున్న ఒక జబ్బు మనిషిని పోలీసులు కాల్చేశారు. ఆ మరుసటేడు అక్కడ పోలీసులకే 40 గంటల శిక్షణ పెట్టారు. యూజీన్ అనే ఊళ్ళో 1989 నుంచి పోలీసులు లేకుండా వైద్యం తెలిసినవాళ్ళు, సంక్షోభంలో మాట్లాడటం తెలిసినవాళ్ళు జంటగా వ్యానులో పోయేవాళ్ళు, అవసరమైతేనే పోలీసుల్ని పిలిచేవాళ్ళు. డబ్బుల ఇబ్బందితో 2025లో ఆ ఊళ్ళో అది ఆగిపోయింది. బ్రిటన్‌లో కొన్నిచోట్ల నర్సు పోలీసులతో కలిసి పోతుంది. ఇవన్నీ చూశాక నాకు అనిపించేది ఒక్కటే, బండిలో ఎవరెవరు కూర్చున్నారన్న దానికంటే తలుపు తీశాక ముందు మాట్లాడేది ఎవరన్నది ముఖ్యం. మీ ఇంట్లో ఒకే బండిలోంచి ఆ బాటిలూ దిగింది, ఆ తువ్వాలూ దిగింది.

మన దగ్గర నర్సు గొంతును ఫోన్లో తెచ్చుకోవచ్చు. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక సహాయ లైను ఉంది, 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, దేశం మొత్తానికి పెద్ద కేంద్రం బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. అది మాట్లాడే లైను, ఇంటికి బండి రాదు. చేతిలో ఆయుధం ఉంటే ముందు 112, అందులో ఏఎస్ఐ గారి మాటే నా మాట. ఆయుధం లేనప్పుడు మాత్రం నేను పోలీసుల్ని ముందు పిలవను. 14416కి చేసి ఫోను స్పీకర్లో పెట్టండి. పోలీసులు వచ్చేసినా కట్ చేయొద్దు, వాళ్ళనీ వినమనండి.

ఇంకోటి. టేపు చుట్టింది ఆ రాత్రే అయినా, నీళ్ళు మానేసింది పొద్దున్నే కదా. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. మాత్రలు మానేసిన మనిషి నిద్ర పోవడం లేదన్నా, తిండి వాసన చూసి వదిలేస్తున్నాడన్నా, పగలుండగానే పిలుచుకుపోండి. మీకు బొమ్మనహళ్ళి, సిల్క్ బోర్డు దాటితే హోసూరు రోడ్డు మీదే నిమ్హాన్స్, అక్కడ ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది. పగలు ఆటోలో పోయిన మనిషి వేరు, రాత్రి జీపులో పోయిన మనిషి వేరు.

హిందూపురం అక్క

సిస్టర్, సార్, మీ ఇద్దరికీ చాలా థ్యాంక్స్. సార్ చెప్పిన ఆ ప్రతినిధి అంటే ఎవరు? నేను అక్కను కదా, నేనే కదా?

నైట్ డ్యూటీ సిస్టర్, నెల్లూరు నుంచి

తను ఎవర్నీ రాయకపోతే ముందు బంధువుల్ని చూస్తారు. రాస్తే, రాసిన మనిషే. నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అంటారు. తెల్ల కాగితం మీద తను రాసి సంతకం పెడితే చాలు. ఆ మనిషి మాట చాలా చోట్ల అవసరం పడుతుంది. ఎమర్జెన్సీలో ఏ డాక్టరైనా 72 గంటల దాకా చికిత్స చేయొచ్చు, ప్రతినిధి అందుబాటులో ఉంటే ఒప్పుకోవాలి. రోగి ఇష్టపడని స్థితిలో చేర్చాలంటే ప్రతినిధి దరఖాస్తు కావాలి, ఇద్దరు చూసి ఒప్పుకోవాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు అయుండాలి. మొదట 30 రోజుల దాకానే.

ఇప్పుడు బాగున్నాడన్నారు కదా, ఇప్పుడే అడగండి. ఆ రాత్రి ఏది బాగుంది, ఏది బాగాలేదు అని కూడా అతన్నే అడిగి రాయించండి.

హిందూపురం అక్క

పది రోజులయింది, జరిగింది చెప్పాలని వచ్చాను.

అడగడానికి నాకు రెండు రోజులు నోరు రాలేదు. మూడో రోజు చపాతీ పిండి కలుపుతూ అడిగేశా. వాడు లోపలికి పోయి పాత బిల్లు పుస్తకం తెచ్చుకుని వెనక వైపు రాయడం మొదలుపెట్టాడు. ప్రతినిధిగా నన్ను రాయలేదు. ధర్మవరంలో వాడితో చదువుకున్న స్నేహితుణ్ణి రాశాడు. "నువ్వు భయపడి దేనికైనా సరే అంటావక్కా" అన్నాడు. బాధేసింది. నిజమే కదా అని కూడా అనిపించింది. ఆ అబ్బాయి ఇక్కడే మారతహళ్ళిలో పనిచేస్తున్నాడు, ఒప్పుకున్నాడు.

ఇంకో కాగితం మీద ఆ రాత్రి గురించి రాశాడు. ఉన్నదున్నట్టు పెడుతున్నా: "పేరు పెట్టి పిలవండి. లైటు మొహం మీద కొట్టొద్దు. సీలు బాటిల్ ఇవ్వండి. చేతులు కట్టొద్దు. కట్టక తప్పదంటే చెప్పి ఇంట్లోనే కట్టండి, మెట్ల మీద అందరి ముందు కాదు. అక్కను బండిలో నా పక్కన కూర్చోనివ్వండి." కింద తన మాత్రల పేర్లు, డాక్టరు పేరు.

దాన్ని జిరాక్సు తీయించి స్టేషనుకు పోయాను. ఆ పెద్దాయనే ఉన్నారు. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివించుకుని విన్నారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదంట. వెనక పక్క కన్నడంలో తనే రాసుకున్నారు. తువ్వాలు కట్టిన చిన్నాయన్ని కూడా పిలిచి చూపించారు. ఆ అబ్బాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "చాకు ఇత్తల్ల మేడమ్" అన్నాడు, చాకు ఉండింది కదా అని. మా తమ్ముడి కంటే చిన్నోడే అయుంటాడు. ఆ రాత్రి వాడికీ భయమేసిందని నాకు అప్పుడు తెలిసింది. నేను కాఫీ తాగి వచ్చేశాను.

ఇంట్లో వాడే రెండు బాటిళ్ళు కొనుక్కొచ్చి వంటింటి గట్టు కింద పెట్టాడు. తేదీ చూసి మరీ పెట్టాడు.